ఎల్‌ఎల్‌ఎంలో కామన్ లా: నల్లగొండ కోర్టులో కొన్నేళ్ళు వాడి చూశాక

ఎల్‌ఎల్‌ఎం, అంటే లాలో పీజీ, సీట్ల కోసం పెట్టే పీజీ లాసెట్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, మా కోర్టులో జూనియర్లు ఒకటే ప్రశ్న అడుగుతారు, ఎల్‌ఎల్‌ఎం చేస్తే పనికొస్తుందా అని. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఫీజు పెంచి అడగొచ్చు, క్లయింట్లు ఎక్కువ వస్తారు అనుకుని అయితే చేయొద్దు, ఆ రెండూ జరగవు. తీర్పు చదవడం బాగా రావాలి, ఎదుటి వకీలు చూపించిన సైటేషన్, అంటే పాత తీర్పు, మన కేసుకి నిజంగా వర్తిస్తుందా లేదా అక్కడికక్కడే తేల్చుకోవాలి అనుకుంటే చేయండి, అది కూడా కాంట్రాక్ట్సు, టార్ట్సు (ఒప్పందం లేకున్నా పక్కవాడికి చేసిన హాని మీద పరిహారం చెప్పే చట్టం), జుడీషియల్ ప్రాసెస్ (జడ్జీలు తీర్పు ఎట్లా చెబుతారన్న పేపరు) గట్టిగా చదివే ఉద్దేశం ఉంటేనే. నేను రెండేళ్ళ కోర్సు చేసి, ఆ తర్వాత కొన్నేళ్ళుగా నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ కోర్టుల్లో సివిల్ పని చేస్తూ రాస్తున్నాను కాబట్టి ఇది కోర్సు అయిపోయిన ఊపులో రాసింది కాదు.

ఎంట్రెన్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఎల్‌ఎల్‌బీ సరిగ్గా చదివినవాళ్ళకి జురిస్‌ప్రుడెన్స్ (న్యాయశాస్త్ర సిద్ధాంతాలు), రాజ్యాంగం మళ్ళీ ఒకసారి తిరగేస్తే సరిపోతుంది. సీటు రావడం కంటే వచ్చాక ఏం చదువుతున్నామన్నదే అసలు సంగతి.

నేను చదివింది హైదరాబాద్‌లో, కాలేజీ పేరు రాయను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే లోటు ఒక్క ఆ కాలేజీదే కాదు. పొద్దున నల్లగొండలో బస్సెక్కితే నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని క్లాసుకి చేరేసరికి మొదటి పీరియడ్ సగం అయిపోయేది, పోనీ అంత కష్టపడి వెళ్తే చాలా క్లాసుల్లో జరిగేది నోట్స్ చదివి వినిపించడమే. పరీక్షలో ‘రేషియో డిసిడెండై అనగానేమి, ఆబిటర్ డిక్టాతో తేడా వివరించుము’ లాంటి (తీర్పుకి అసలు ఆధారమైన సూత్రానికీ, జడ్జి మాటవరసకి అన్న మాటలకీ తేడా ఏంటన్న) ప్రశ్నలు వస్తాయి, బజారులో గైడు కొనుక్కుని రాసినా పాసైపోవచ్చు, నా బ్యాచ్‌లో చాలామంది అట్లే పాసయ్యారు. ఒక్క అసలు తీర్పు కూడా మొదటి నుంచి చివరి దాకా చదవకుండా కామన్ లాలో పీజీ పట్టా చేతికి రావడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. కామన్ లా అంటేనే తీర్పుల్లోంచి పుట్టిన చట్టం, ఆ తీర్పులే చదవకపోతే ఇంక చదివినట్టేంటి?

అయితే కాంట్రాక్ట్సు చెప్పిన మేడం మాత్రం వేరు. ఆమె మొదటి నెలలోనే 1854 నాటి హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ తీర్పు రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు ప్రింట్ తీయించి చేతికిచ్చారు. ఎల్‌ఎల్‌బీలో అందరం చదివే కేసే. ఇంగ్లండ్‌లో గ్లోస్టర్ అనే ఊళ్ళో పిండిమిల్లు, స్టీమ్ ఇంజిన్ షాఫ్టు విరిగింది, దాన్ని నమూనాగా గ్రీనిచ్‌కి పంపాలి, రవాణా వాళ్ళు ఆలస్యం చేశారు, మిల్లు అన్ని రోజులూ ఆగింది, ఆ పోయిన లాభం ఎవరు కట్టాలి? కట్టక్కర్లేదన్నది కోర్టు, మామూలుగా ఎవరికైనా తట్టే నష్టం, లేదా ఒప్పందం నాడే రెండు పక్షాలకీ తెలిసిన పరిస్థితుల వల్ల వచ్చే నష్టం, ఈ రెండే ఇప్పిస్తామన్నది. ఇంతవరకు గైడులో కూడా ఉంటుంది. మేడం మాతో చేయించింది ఏమిటంటే, రిపోర్టు పైన ఎడిటర్ రాసే సారాంశాన్ని, అంటే హెడ్‌నోట్‌ని, కింద జడ్జి ఆల్డర్సన్ రాసిన భాగాన్ని పక్కపక్కన పెట్టి చదవమన్నారు. హెడ్‌నోట్‌లో మిల్లు ఆగిపోయిందని రవాణా గుమాస్తాకి చెప్పినట్టు ఉంటుంది. తీర్పులోకి వెళ్తే, అది ఒక మిల్లు తాలూకు విరిగిన షాఫ్టు అని, పంపిస్తున్నవాళ్ళు ఆ మిల్లువాళ్ళని మాత్రమే రవాణావాళ్ళకి తెలిసినట్టు ఉంటుంది. ఈ తేడా చిన్నది కాదు, మిల్లు ఆగిందని నిజంగా చెప్పి ఉంటే తీర్పు తిరగబడాల్సింది! 1949లో విక్టోరియా లాండ్రీ కేసులో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టే ఆ హెడ్‌నోట్ తప్పుదోవ పట్టిస్తుందని చెప్పింది. ఆ రోజు నుంచి నేను హెడ్‌నోట్ చూసి సైటేషన్ ఇవ్వను, ఎవరైనా ఇస్తే లోపలి పేరాలు తిరగేయకుండా ఒప్పుకోను.

దీని అసలు విలువ మిర్యాలగూడలో తెలిసింది. అక్కడ రైస్ మిల్లులు ఎన్నో, సర్కారు వడ్లు తీసుకుని బియ్యం పట్టించి ఇచ్చే సీఎంఆర్ గడువులు ఎప్పుడూ నెత్తి మీద ఉంటాయి. ఒక మిల్లు ఓనరు మెషిన్ పార్టు ఆలస్యంగా వచ్చిందని, దానివల్ల మిల్లు ఆగిందని, సర్కారుకి బియ్యం టైముకి అందక నష్టపోయానని మొత్తం ఒకే దావాలో అడగాలని వచ్చాడు. మన కాంట్రాక్ట్ చట్టం, 1872 నాటిది, సెక్షన్ 73 కింద ఉన్న ఉదాహరణల్లో ఒకటి సరిగ్గా ఇదే: మిల్లు ఆగిపోయిందని చెప్పి మెషిన్ పంపించమంటే రవాణావాడు ఆలస్యం చేశాడు, మిల్లువాడికి ప్రభుత్వ కాంట్రాక్టు పోయింది. ఆలస్యమైన రోజులకి మిల్లు నడిస్తే సగటున వచ్చే లాభం ఇప్పిస్తారు, ప్రభుత్వ కాంట్రాక్టు పోయిన నష్టం ఇప్పించరు, ఎందుకంటే ఆ సంగతి రవాణావాడికి తెలియదు. ఎక్కడో గ్లోస్టర్ మిల్లు కథని పట్టుకొచ్చి చట్టం రాసినవాళ్ళు మన చేతిలో పెట్టినట్టుంటుంది. కాబట్టి నేను ఆ ఓనరుని అడిగిన మొదటి ప్రశ్న, సీఎంఆర్ గడువు సంగతి బుకింగ్ నాడు వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పారా, కనీసం వాట్సాప్ మెసేజ్ అయినా ఉందా అని. ఆ ఒక్క మెసేజ్ మీద దావా విలువ సగానికి పైగా ఆధారపడి ఉంది. బేర్ యాక్ట్, అంటే వట్టి చట్టం పుస్తకం, చదివినా ఇది తెలియాలి కదా అంటారేమో, తెలుస్తుంది, కానీ ఎందుకు అట్లా రాశారో తెలిసిన మనిషికి ఏ సాక్ష్యం కోసం వెతకాలో వెంటనే తడుతుంది.

టార్ట్సులో నాకు అన్నిటికంటే దగ్గరైన కేసు చెరువుల కేసు. 1868 రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ అందరికీ తెలుసు, మన భూమిలో ప్రమాదకరమైనది తెచ్చి నిలవబెడితే, అది తప్పించుకుని పక్కవాడిని ముంచితే మన నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యత మనదే. అక్కడ కూడా కట్టింది నీళ్ళ రిజర్వాయరే. మరి చెరువు కట్ట తెగితే? ఈ ప్రశ్న మన తెలుగు నేల నుంచే వెళ్ళి 1874లో ప్రివీ కౌన్సిల్‌లో (అప్పట్లో లండన్‌లో ఉన్న మన ఆఖరి అప్పీలు కోర్టు) తేలింది, కార్వేటినగరం జమీందారు మీద మద్రాసు రైల్వే కంపెనీ వేసిన కేసు. వానలకి చెరువులు తెగి రైల్వే వంతెనలు కొట్టుకుపోయాయి. లండన్‌లో కూర్చున్న జడ్జీలు తమ దేశపు సూత్రాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రుద్దలేదు. ఈ దేశంలో చెరువులు ఎప్పటినుంచో ఉన్న సాగునీటి వ్యవస్థ, లెక్కలేనంత మంది బతుకు వాటి మీద ఉంది, జమీందారు తనకిష్టం లేదని చెరువు పూడ్చేయలేడు, దాన్ని నిలబెట్టడం అతని విధి, కాబట్టి నిర్లక్ష్యం రుజువు చేస్తేనే బాధ్యత అన్నారు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పుట్టి, ఊరి చెరువు నిండితేనే ఇల్లు గడిచే చోట పెరిగిన మనిషి ఈ తీర్పు చదివితే ఎట్లుంటుందో చెప్పలేను. మిషన్ కాకతీయ తర్వాత కట్ట పని సరిగ్గా చేయలేదని, అలుగు ఎత్తు మార్చారని, తమ పొలం మునిగిందని రైతులు వస్తుంటారు, ప్రతిసారీ నేను మొదట చూసేది ఇదే, నిర్లక్ష్యం ఎక్కడ, ఎవరిది, రుజువేంటి అని.

అదే నీరు కాకుండా రసాయనమైతే లెక్క మొత్తం మారుతుంది. ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన సంగతి మీద వచ్చిన ఎం.సి. మెహతా కేసులో, 1986 డిసెంబర్‌లో, సుప్రీంకోర్టు జస్టిస్ భగవతి ధర్మాసనం రైలాండ్స్ సూత్రంలోని మినహాయింపులేవీ ప్రమాదకర పరిశ్రమకి వర్తించవని తేల్చేసింది. చౌటుప్పల్ వైపు రైతులు బోరు నీళ్ళ రంగు మారిందని బాటిల్లో పట్టుకుని వస్తే వాళ్ళకి ఏ దారిలో వెళ్ళాలో చెప్పాలంటే 1868, 1874, 1986 తీర్పులు మూడూ ఒకే వరసలో తెలియాలి. గైడులో ఇవి మూడు వేరువేరు పేజీల్లో, మూడు వేరువేరు షార్ట్ నోట్స్‌గా ఉంటాయి.

ఇంకో కేసు కూడా చెప్పాలి. చిన్నయ్య వర్సెస్ రామయ్య అని క్లాసుల్లో పిలిచే 1881 మద్రాసు హైకోర్టు తీర్పు. తల్లి తన కూతురికి భూమి దానం రాసిచ్చి, నా అన్నదమ్ములకి ఏటా 653 రూపాయలు ఇవ్వాలి అన్నది, కూతురు సరేనని వాళ్ళకి విడిగా కాగితం రాసిచ్చి తర్వాత ఇవ్వనన్నది. మేనమామలు ఆమెకి ఏమీ ఇవ్వలేదు కదా, వాళ్ళకి దావా హక్కు ఎట్లా వస్తుంది? ఇంగ్లండ్‌లో అయితే 1861 నాటి ట్వెడిల్ వర్సెస్ అట్కిన్సన్ ప్రకారం దావా కొట్టేసేవాళ్ళు. మన కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 2(డి) ప్రతిఫలం ఇంకెవరు ఇచ్చినా చెల్లుతుందంటుంది, అందుకే ఇక్కడ వాళ్ళు గెలిచారు. మన ఇళ్ళల్లో పంపకాలు ఇట్లే జరుగుతాయి, అమ్మ చిన్నోడికి ఎకరం ఎక్కువ రాసి అక్కకి నువ్వే చూసుకోవాలె అంటుంది, రేపు వాడు మాట తప్పితే ఆ అక్క మా దగ్గరికి వస్తుంది.

మన ప్రాంతానికి సంబంధించి ఏ పేపర్లోనూ సరిగ్గా చెప్పని సంగతి ఒకటుంది. పుస్తకాలన్నీ కలకత్తా, బొంబాయి, మద్రాసు కోర్టుల చుట్టూ తిరుగుతాయి, మనం మాత్రం అప్పట్లో నిజాం రాజ్యంలో ఉన్నాం, కోర్టు భాష ఉర్దూ, హైదరాబాద్ రాజ్యానికి సొంత చట్టాలు ఉండేవి, చాలా కేంద్ర చట్టాలు ఇక్కడికి 1951లో పార్ట్ బి రాష్ట్రాల చట్టం ద్వారా వచ్చాయి. పాత భూమి కేసుల్లో ఉర్దూ దస్తావేజు, పహాణీలో (ఊరి భూమి రికార్డులో) కబ్జా కాలమ్, సాదా బైనామా, ఇవన్నీ మా రోజువారీ పని. తెల్ల కాగితం మీద రాసుకున్న సాదా బైనామాతో భూమిలో ఉన్న రైతుని కాపాడే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53ఎ ఇంగ్లండ్ ఈక్విటీ (చట్టం అక్షరం కంటే న్యాయాన్ని చూసే సూత్రాలు) నుంచి వచ్చిందే, 1929లో చేర్చారు, అయితే ఇక్కడ అది కబ్జాలో ఉన్నవాడు తనను కాపాడుకోవడానికి తప్ప దావా వేసి హక్కు సంపాదించడానికి పనికిరాదు, 2001 సెప్టెంబర్ 24 నుంచి చేసుకున్న ఒప్పందమైతే రిజిస్టర్ కాకుంటే అదీ లేదు. రెవెన్యూ వైపు క్రమబద్ధీకరణ దారి వేరే. క్లాసులో 53ఎ చెప్పారు, సాదా బైనామా మాట ఒక్కసారి రాలేదు. తెలంగాణ పిల్లలకి తెలంగాణలో ఈక్విటీ చెబుతూ సాదా బైనామా పేరెత్తకపోవడం ఏం చదువో నాకర్థం కాదు.

తెలుగు మీడియం వాళ్ళు ఇంగ్లీషు గురించి టెన్షన్ పడతారు. పాత ఇంగ్లీషు తీర్పుల్లో వాక్యం పేజీ పొడవునా సాగుతుంది, నిజమే, మొదటి సెమిస్టర్ నరకమే. నేను చేసింది, ప్రతి తీర్పుకీ తెలుగులో సొంతంగా పేజీ రాసుకోవడం: జరిగిందేంటి, కోర్టు ముందున్న ప్రశ్నేంటి, ఏమన్నది, ఎందుకన్నది. మా సీనియర్ ఆ నోట్‌బుక్కులు చూసి, "గిదంతా ఇంగ్లండోళ్ళ ముచ్చట బిడ్డా, మున్సిఫ్ కోర్టుల ఏం పనికొస్తది" అన్నారు మొదట్లో, ఇప్పుడు ఆయనే వాదనల ముందు రోజు ఫోన్ చేసి ఫలానా దాని మీద నీ పేజీ పంపియ్ అంటారు.

డబ్బు పెట్టి డేటాబేస్ కొనక్కర్లేదు, ఇండియన్ కానూన్, సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ ఉచితం, ఇంగ్లండ్ తీర్పులకి బెయిలీ (BAILII) వెబ్‌సైటు ఉంది. లైబ్రరీలో పాత ఏఐఆర్ (ఆలిండియా రిపోర్టర్) తీర్పుల వాల్యూములు దొరికితే వాటి దగ్గర కూర్చోండి, ఒక కేసు వెతుకుతుంటే పక్క పేజీలో ఇంకోటి కనబడుతుంది, ఫోన్‌లో అది జరగదు.

డిసర్టేషన్ విషయంలో ఒక్క మాట. చాలామంది పాత డిసర్టేషన్ తెచ్చి అటూఇటూ మార్చి ఇచ్చేస్తారు, వైవాలో కూడా ఎవరూ లోతుగా అడగరు. అట్లా చేయకండి, మీ జిల్లాలోంచే తీసుకోండి: చెరువు కట్టల బాధ్యత, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళకి ప్రభుత్వ బాధ్యత, మిల్లుల ఒప్పందాలు, సాదా బైనామాలు, దేని మీద రాసినా మళ్ళీ కోర్టులో వాడతారు. లెక్చరర్ ఉద్యోగమే లక్ష్యమైతే ఎల్‌ఎల్‌ఎం ఎలాగూ తప్పదు, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) కూడా దానితో పాటే మొదలుపెట్టండి. ప్రాక్టీసు చేసేవాళ్ళయితే మొదటి రెండు మూడేళ్ళు కోర్టులో తిరిగి, ప్లెయింట్లు (దావా పత్రాలు) రాసి, ఒకటి రెండు కేసులు ఓడిపోయాక వెళ్ళండి, అప్పుడు హాడ్లీ కేసు చదువుతుంటే మీ క్లయింటు మొహం కళ్ళ ముందుంటుంది.