కడపలో పెద్దవాళ్ల మతిమరుపు నివారణ క్లాసులు: రెండేళ్ల పైగా పోయాక నా అభిప్రాయం

మా ఎర్రముక్కపల్లె వైపు ఒక కమ్యూనిటీ హాల్లో అరవై దాటినవాళ్ల కోసం వారానికి మూడు రోజులు ఒక కార్యక్రమం నడుస్తోంది. డెమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు, రాకుండా ముందు జాగ్రత్త అని బోర్డు పెట్టారు. నేనూ మా ఆయనా రెండేళ్ల పైనుంచి పోతున్నాం. తెలిసినవాళ్లు ఫోన్ చేసి "నిజంగా పనిచేస్తుందా అక్కా, మా అమ్మను పంపొచ్చా" అని అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా. పంపండి, మీరూ పోండి. కానీ వాళ్లు గొప్పగా చూపించేవి కొన్ని, మనకు నిజంగా మేలు చేసేవి వేరే కొన్ని, ఆ తేడా తెలుసుకుని పోతే టైం వృథా కాదు.

చేరిన కొత్తలో ఒక డాక్టరమ్మ వచ్చి లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక గురించి చెప్పింది. డెమెన్షియా ముప్పు పెంచేవాటిలో చెడు కొలెస్ట్రాల్, చూపు తగ్గడం అప్పుడే కొత్తగా చేర్చారంట, వాటితో కలిపి 14 కారణాలు. బీపీ, షుగర్, చెవుడు, సిగరెట్టు, మందు, ఒళ్లు పెరగడం, కదలకుండా కూర్చోవడం, డిప్రెషన్, తలకు దెబ్బలు, ఒంటరితనం, గాలి కాలుష్యం, చిన్నప్పుడు చదువు లేకపోవడం, ఇవి మిగతావి. వీటన్నిటినీ చిన్న వయసు నుంచి సరిచూసుకోగలిగితే ప్రపంచం మొత్తం మీద డెమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా రాకుండా ఆపడమో, వచ్చేదాన్ని ఆలస్యం చేయడమో వీలవుతుందని వాళ్ల అంచనా. అది జనం మొత్తానికి వేసిన లెక్క, నాకో మీకో రాసిచ్చిన గ్యారంటీ కాదని ఆమె గట్టిగానే చెప్పింది. ఆ మాట నాకు నచ్చింది. ఇంకో సంగతి, ఆ 14లో పజిళ్లు, మెమరీ గేములు ఎక్కడా లేవు.

నేనైతే ఈ కార్యక్రమానికి మంచి మార్కులు వేసేది చెవుల విషయంలోనే. మొదట్లో మా ఆయనకు జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. ఫ్యాన్ల చప్పుడులో, ఆయన వెనక వరసలో కూర్చోనుంటే, ఒక పాప కాగితం మీద తల దించుకుని ఐదు మాటలు చదివి కాసేపాగి మళ్లీ చెప్పమంది. "దువ్వెన" అంటే ఈయన "గువ్వ" అన్నాడు. "చింతచెట్టు" అంటే అసలు ఏమీ పలకలేదు. మార్కులు తక్కువొచ్చాయి, రెండు రాత్రులు ఇంట్లో నిద్రల్లేవు, ఒకటే టెన్షన్. అక్కడికొచ్చే ఫిజియోథెరపీ అబ్బాయి మాత్రం గమనించినాడు, "పెద్దాయన నా పెదాలే చూస్తున్నాడమ్మా, ముందు చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి" అన్నాడు. పరీక్ష చేయిస్తే రెండు చెవులూ బాగా తగ్గినాయి. మిషన్ పెట్టించాక అదే పరీక్ష ఎదురుగా కూర్చోబెట్టి పెడితే మామూలుగానే చెప్పినాడు. అంతకంటే పెద్ద మార్పు ఏమిటంటే, మనుషుల్లో కూర్చోవడం మానేసిన మనిషి ఇప్పుడు క్లాసుకు నాకంటే ముందు చెప్పులేసుకుంటున్నాడు.

వినికిడి మిషన్ పెట్టుకుంటే డెమెన్షియా రాదని నేను చెప్పట్లేదు. అమెరికాలో చెవులు తగ్గిన పెద్దవాళ్లకు మిషన్లు ఇచ్చి చూసిన అచీవ్ అనే అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. అందులో పాల్గొన్నవాళ్లందరినీ కలిపి చూస్తే మూడేళ్లలో పెద్ద తేడా కనపడలేదు, ముప్పు ఎక్కువున్న పెద్దవాళ్లలో మాత్రం ఆలోచనా శక్తి తగ్గే వేగం దాదాపు సగానికి పడింది. ఖర్చంటే భయపడేవాళ్లకు ఒక మాట, ఆదాయం తక్కువున్న వృద్ధులకు వినికిడి మిషన్లు, కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని కేంద్రం పథకం ఒకటుంది. 2017లో మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. క్యాంపు ఎప్పుడు పెడతారో కలెక్టరేట్‌లో వృద్ధుల సంక్షేమం చూసే ఆఫీసులో అడగండి.

బీపీ, షుగర్ ప్రతి నెలా చూసి చీటీలో రాసిస్తారు. చూడ్డానికి ఇది చాలా మామూలు విషయం, కానీ రాగిసంగటిలోకి ఊరగాయ, చెనిక్కాయల ఊరుమిండి, పైన అప్పడం, ఇట్లా ఉప్పు తినే మన ఊర్లో ఆ చీటీకి ఉన్న విలువ ఇంతా అంతా కాదు. మా బ్యాచ్‌లోనే ఇద్దరికి బీపీ ఉందని ఇక్కడే తెలిసింది. ఇంకొకామెకు విపరీతమైన మరుపు అని తీసుకొస్తే రక్తపరీక్షలో బీ12 బాగా తక్కువని తేలింది, ఇంజెక్షన్లు వేయించుకున్నాక తేరుకుంది. థైరాయిడ్, డిప్రెషన్, కొన్ని నిద్రమాత్రలు, వీటివల్ల కూడా మరుపు వస్తుంది, ఇవి చాలావరకు సరిచేయగలిగినవే. ఇంట్లోవాళ్లేమో "వయసైపోయింది, అంతే" అని వదిలేస్తారు, నాకు కోపమొచ్చేది అక్కడే.

ఇక వ్యాయామం. జపాన్‌లో కాగ్నిసైజ్ అని ఒకటి చేయిస్తారంట, ఒంటికీ బుర్రకూ ఒకేసారి పని. అడుగులేస్తూ అంకెలు పైకి లెక్కపెట్టాలి, మూడు, ఆరు, తొమ్మిది వచ్చినప్పుడు చప్పట్లు కొట్టాలి. మొదట్లో దాన్నే నేర్పించారు, వారం తిరక్కుండానే జనానికి విసుగొచ్చింది. అప్పుడు ఒంటిమిట్ట వైపు పల్లె నుంచి వచ్చే ఒక పెద్దాయన, వయసులో చెక్కభజన నేర్పిన గురువు, "దీనికంటే మా భజనే కష్టం నాయనా" అని చెక్కలు తెచ్చాడు. అంతే, హాలు రూపమే మారిపోయింది. పాట చరణం గుర్తుండాలి, చేతిలో చెక్కలు తాళం తప్పకూడదు, గురువు కేకేయగానే అడుగు మార్చి పక్కవాళ్లతో కలవాలి, గుండ్రంగా తిరిగేటప్పుడు ఎదుటోళ్లకు తగలకూడదు. పది నిమిషాలకే చెమటలు పడతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీల్లో కూర్చుని తాళం వేస్తూ పాడతారు. ఏ పరిశోధనా చెక్కభజన మీద జరిగిందని నేను అనను, కానీ కాగ్నిసైజ్‌లో ఏమేం ఉన్నాయన్నారో అవన్నీ ఇందులో ఉన్నాయి, పైగా మనవాళ్లు మానకుండా వస్తున్నారు. మానకుండా రావడమే అన్నిటికంటే ముఖ్యం. ఫిన్లాండ్‌లో ఫింగర్ అనే పెద్ద అధ్యయనం చేశారు, 60 నుంచి 77 ఏళ్ల మధ్య 1260 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రెండేళ్ల పాటు తిండి, వ్యాయామం, బుర్రకు పని, బీపీ లాంటివాటి మీద నిఘా, అన్నీ కలిపి. ఫలితం 2015లో వచ్చింది, ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో వాళ్లు రెండో గుంపు కంటే మెరుగయ్యారు. అక్కడ కూడా ఏదో ఒక్కటి చేసి వదిలేయలేదు.

మా హాల్లో ఇంకో మంచి సంగతి, తెలుగూ ఉర్దూ కలిసిపోయి నడుస్తాయి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డెమెన్షియా రోగులను చూసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండు భాషలు వచ్చినవాళ్లకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది, చదువురానివాళ్లలో కూడా. అది పుట్టిపెరిగినప్పటి నుంచి రెండు భాషల్లో బతికినవాళ్ల సంగతి అనుకోండి, అరవైలో నేర్చుకుంటే అంత లాభం వస్తుందని దానర్థం కాదు. అయినా పక్కన కూర్చునే ఆపా దగ్గర నేను ఉర్దూ సామెతలు నేర్చుకుంటున్నా, ఆమె నా దగ్గర వేమన పద్యాలు. మాకు వారం మొత్తం ఎదురుచూసే పని అది.

ఇప్పుడు నచ్చనివి. మధ్యలో కొన్నాళ్లు ఫోన్లలో ఒక బ్రెయిన్ గేమ్ యాప్ వేయించి సగం క్లాసు దానికే పెట్టారు. ఆడగా ఆడగా ఆ ఆటలో స్కోరు పెరుగుతుంది, అంతవరకే. తాళాలు ఎక్కడ పెట్టానో నాకు దానివల్ల గుర్తొచ్చింది లేదు. ఇలాంటి బ్రెయిన్ గేములే అమ్మే లుమోసిటీ అనే పేరున్న కంపెనీయే జ్ఞాపకశక్తి తగ్గకుండా కాపాడుతుందన్నట్టు ప్రకటనలిచ్చి, ఆధారాలు చూపలేక 2016లో అమెరికాలో 20 లక్షల డాలర్లు కట్టింది. ఇంకోసారి ఎవరో జ్ఞాపకశక్తి పొడి అమ్ముకోవడానికి వస్తే మైకు ఇచ్చారు. పింఛను డబ్బుతో బతికే ఒకామె రెండు డబ్బాలు కొనింది. నేను లేచి గట్టిగా అడిగాక ఆ అమ్మేవాళ్లను మళ్లీ రానివ్వలేదు, కానీ ఆమె డబ్బులు తిరిగి రాలేదు.

అసలు పెద్ద లోపం హాలు మొదటి అంతస్తులో ఉండటం. లిఫ్టు లేదు. ఎవరికైతే అన్నిటికంటే అవసరమో, మోకాళ్లు పోయినవాళ్లు, చూపు సరిగా లేనివాళ్లు, పడిపోతామని భయపడేవాళ్లు, వాళ్లు మెట్ల దగ్గరే ఆగిపోతున్నారు. రెండోది టైం. పొద్దున ఏడింటికి పెడితే మగవాళ్లే నిండిపోతారు, ఆడవాళ్లకు అది పొయ్యి దగ్గర ఉండే వేళ. పదకొండుకు మారిస్తే కడప ఎండలో ఏప్రిల్, మే నెలల్లో ఎవరూ రాలేరు. మేం కొందరం అడగగా అడగగా ఎండాకాలం సాయంత్రం ఆరుకు మార్చారు, ఆడవాళ్ల సంఖ్య అప్పుడే కనపడేంతగా పెరిగింది. ఏడాదంతా అట్లాగే ఉంచమని అడుగుతున్నాం. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి ఒంటరిగా మిగిలినవాళ్లను ఇంటికి పోయి పిలుచుకొచ్చే ఏర్పాటు కూడా లేదు, ఆ పని మా వీధి వరకు మేమే చేస్తున్నాం.

చేరేవాళ్లు ముందే చెవి, కంటి పరీక్షలు చేయించుకుని రండి, వేసుకునే మాత్రల చీటీ వెంట తెచ్చుకోండి, మతిమరుపు పరీక్ష పెట్టేటప్పుడు ముందు వరసలో కూర్చోండి. దారి మరిచిపోవడం, డబ్బు లెక్క తప్పడం, అడిగిందే అడగడం ఇప్పటికే మొదలైనవాళ్లుంటే ఈ క్లాసుల కోసం ఆగొద్దు, నేరుగా నరాల డాక్టరుకో మానసిక వైద్యుడికో చూపించండి. ఎక్కడ అడగాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి, డబ్బులేం తీసుకోరు.