రేగెన్స్‌బుర్గ్‌లో రోమన్ గోడ కోసం 305 యూరోలు పోశాం, అసలు గోడ ఉచితంగా కనిపించింది

ముందు గది సంగతి చెప్పేస్తాను. అది చెబితేగానీ నా మనసు కుదుటపడదు.

మేం జర్మనీలో, బవేరియా రాష్ట్రంలోని మ్యూనిక్‌లో ఉంటాం. ఆగస్టులో మా అత్తయ్య వినుకొండ నుంచి వచ్చారు. తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. శాసనం కనిపిస్తే చాలు, అన్నం కూడా మర్చిపోయే మనిషి. ఆవిడ కోసమే 2025 సెప్టెంబరులో శుక్రవారం బయల్దేరి ఆదివారం తిరిగొచ్చేలా రేగెన్స్‌బుర్గ్ పెట్టుకున్నాం. దేశమంతా లోకల్ రైళ్ళకి పనికొచ్చే డాయిచ్‌లాండ్ టికెట్లు, అప్పట్లో నెలకి 58 యూరోలు, మా ఇద్దరికీ ఎలాగూ ఉన్నాయి. అత్తయ్యకి బవేరియా లోకల్ రైళ్ళకి పనికొచ్చే బయర్న్ టికెట్ తీసుకున్నాం. పదకొండేళ్ళ మా వాడు నానమ్మ టికెట్ మీదే వచ్చాడు, వేరే కొననక్కర్లేకపోయింది. రైల్లో గంటన్నర ప్రయాణం, ఏ ఇబ్బందీ లేదు.

గది ప్రకటనలో "పాత ఊరి నడిబొడ్డున, రోమన్ గోడ పక్కనే" అని రాసుంది. రాత్రికి 118 చొప్పున రెండు రాత్రులకి 236 యూరోలు, గది శుభ్రం చేసినందుకు ఇంకో 45. డబ్బంతా కట్టాకే అడ్రసు పంపారు. తీరా చూస్తే డాన్యూబ్ నది అవతల, పాత ఊరికి నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో, గోడౌన్ల మధ్య. బస్సు అరగంటకొకటి. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి, రెయిలింగు పట్టుకుని, "ఏం పర్లేదమ్మాయ్, నువ్వు పద" అంటూ ఎక్కారు. ఆ మాట వింటుంటే నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

గదిలో నిజంగానే ఒక గోడ ఉంది. మంచం తలవైపు అంటించిన వాల్‌పేపరు, దానిమీద పెద్ద పెద్ద రాళ్ళ ఫొటో. ఎడమ మూల ఊడిపోయి కిందకి వేలాడుతోంది, దాని వెనక చెమ్మ పట్టిన ప్లాస్టరు. ఫోన్ చేసి అడిగితే ఓనరు, ప్రకటనలో పెట్టిన ఫొటో ఇదేనని చాలా మామూలుగా చెప్పాడు. ఆ తర్వాత తాళాలిచ్చే మనిషి వచ్చి, తలకి రాత్రికి 3 యూరోలు "సిటీ టాక్స్" అంటూ 24 యూరోలు చేతికి ఇప్పించుకుని పోయాడు. రసీదు ఇవ్వలేదు. మొత్తం 305.

ఇది చదివేవాళ్ళు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. బవేరియాలో ఊళ్ళు ఇలా రాత్రుల లెక్కన బస పన్ను వేయకూడదని 2023లోనే చట్టం చేశారు. ఆరోగ్య స్నానాలకి పేరుపడ్డ ఊళ్ళలో వసూలు చేసే రుసుము వేరు, రేగెన్స్‌బుర్గ్ అలాంటి ఊరు కాదు. ఎవరైనా అడిగితే రసీదు ఇమ్మనండి. నాకు ఈ సంగతి తిరిగొచ్చాక తెలిసింది.

మా ఆయనకి కోపమొస్తే మాటలు ఆగిపోతాయి. శుక్రవారం రాత్రి నలుగురం అత్తయ్య తెచ్చిన గోంగూర పచ్చడితో అన్నం తిని, ఒక్క మాటైనా లేకుండా పడుకున్నాం.

శనివారం పొద్దున దాహౌప్లాట్స్ దగ్గర బస్సు దిగాం. అక్కడ ఒక పార్కింగ్ భవనం ఉంది. టాయిలెట్ ఎక్కడుందో వెతుకుతూ మా వాడు లోపలికి పోయి, "నానమ్మా, ఇక్కడ రాళ్ళున్నాయి!" అని అరిచాడు. వెళ్ళి చూస్తే కార్ల వరసల పక్కనే రోమన్ దండు కోట గోడ! బొమ్మ కాదు, ఫొటో కాదు. సున్నమూ అతుకూ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన దిమ్మలు, ఒక్కోటి మా వాడి ఎత్తున సగానికి వస్తాయి. ఆ గోడని కూలగొట్టకుండా దాని చుట్టూ పార్కింగ్ కట్టుకున్నారు. టికెట్ లేదు, క్యూ లేదు. అత్తయ్య చెప్పులు విప్పబోయి, కార్లు చూసి ఆగారు. అరచేయి రాయి మీద పెట్టి కాసేపు అలాగే నిలబడ్డారు. మా ఆయన నోట మొదటి మాట అక్కడే వచ్చింది: "అమ్మా, ఫొటో తీస్తా, ఇటు చూడు."

ఎదురుగానే చారిత్రక మ్యూజియం, పాత ఫ్రాన్సిస్కన్ మఠంలో. సోమవారం సెలవు, చూసుకుని వెళ్ళండి. మీకు అరగంటే ఉందనుకున్నా సరే, కోట తూర్పు గుమ్మం శాసనం దగ్గరికి మాత్రం వెళ్ళండి. 1873లో దొరికిన ముక్క అది. చక్రవర్తి మార్కస్ ఆరీలియస్, ఆయన కొడుకు కొమోడస్ పేర్లు, ఆ కాలపు రోమన్ గవర్నరు పేరు, గోడని గుమ్మాలతో బురుజులతో సహా కట్టించిన సంగతి దాని మీద చెక్కారు. ఏ ఏడాదో అంకెల్లో వేయలేదు. అయినా చక్రవర్తికి అప్పటిదాకా వచ్చిన బిరుదులు, ఏటేటా కొత్తగా లెక్కపెట్టే అధికార సంవత్సరాలు వరసగా ఉంటాయి కాబట్టి, వాటిని లెక్కగట్టి క్రీ.శ. 179 అని తేల్చారు. మరుసటి ఏడాదే ఆయన పోయారు.

"యూ ఉండాల్సిన చోట వీ ఉంది నానమ్మా, తప్పు రాశారు" అన్నాడు మా వాడు. "తప్పు కాదు నాన్నా, అప్పుడు రెంటికీ ఒకటే అక్షరం. అమరావతి రాళ్ళ మీద మన అక్షరాలు మాత్రం ఇప్పటిలా ఉన్నాయా?" అన్నారు అత్తయ్య. ఆవిడ మోకాళ్ళు చూసి, అక్కడ కాపలా ఉన్న ఒక పెద్దావిడ మేం అడక్కుండానే మడతకుర్చీ తెచ్చి వేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా పావుగంట కబుర్లు చెప్పుకున్నారు.

అసలీ కోట ఎందుకు కట్టారంటే, డాన్యూబ్ ఇక్కడ రోమన్ సామ్రాజ్యానికి సరిహద్దు. నది అవతల జర్మన్ తెగలు. ఆ అవతలి ఒడ్డు నుంచి రేగెన్ నది వచ్చి సరిగ్గా ఇక్కడే కలుస్తుంది, అంటే ఉత్తరం నుంచి దిగేవాళ్ళకి సిద్ధంగా ఉన్న దారి. కోట లాటిన్ పేరు కాస్త్రా రెజీనాలోనూ ఊరి పేరులోనూ ఉన్నది ఆ రేగెనే. అంతకుముందు దక్షిణాన కుంఫ్‌మ్యూల్ గుట్ట మీద చిన్న కోట ఉండేది, మార్కోమాన్నీ అనే జర్మన్ తెగతో జరిగిన యుద్ధాల్లో అది నాశనమైంది. అప్పుడు మూడో ఇటాలికా దండుని, సుమారు 6,000 మందిని, ఇక్కడ దింపి 540 మీటర్ల పొడవు, 450 మీటర్ల వెడల్పున రాతి కోట కట్టారు. రోమన్లు పోయారు, గోడ మిగిలింది. బవేరియా తొలి డ్యూకులు అదే గోడ లోపల కాపురం పెట్టారు. ఈనాటి పాత ఊరు తూర్పు భాగం ఆ దీర్ఘచతురస్రంలోనే ఉంది.

అది కళ్ళారా చూడాలంటే కెథడ్రల్ వెనక్కి, ఉంటర్ డెన్ ష్విబ్బ్యోగెన్ వీధికి వెళ్ళండి. తెల్లగా సున్నం వేసిన భవనం గోడలోంచి నల్లబడ్డ రాళ్ళ కమాను, పక్కన ఒక బురుజు పొడుచుకొచ్చి ఉంటాయి. కోట ఉత్తరపు గుమ్మం, పోర్తా ప్రెటోరియా. శతాబ్దాల తరబడి ఇళ్ళ గోడల్లో కలిసిపోయి ప్లాస్టరు కింద దాక్కున్న ఈ గుమ్మం 1885లో భవనం పనులు చేస్తుంటే బయటపడింది. మేం వెళ్ళేసరికి దానికింద ఒకాయన సైకిలు ఆనించి రొట్టె తింటున్నాడు. ఎవరూ వద్దనలేదు.

అత్తయ్య అక్కడ కాస్త దిగులుపడ్డారు. "మాకు దగ్గర్లో నాగార్జునకొండ ఉండేది. 1954 నుంచి ఆరేళ్ళు తవ్వి, పైకి తీసినంత తీసి, మిగతాది సాగర్ నీళ్ళకిచ్చాం. వీళ్ళు చూడు, కార్ల మధ్యనైనా ఉన్నచోటే ఉంచుకున్నారు" అన్నారు. నాగార్జునకొండలోనూ వినుకొండలోనూ రోమన్ బంగారు నాణేలు దొరికాయని కూడా చెప్పారు. మా వాడు అది పట్టుకుని, ఈ కోటలో సిపాయి జీతం వినుకొండ దాకా వెళ్ళిందా అని సాయంత్రం దాకా వదల్లేదు.

మధ్యాహ్నం భోజనం గురించి శాకాహారులకి ఒక హెచ్చరిక. బవేరియాలో బంగాళాదుంప సలాడ్ చూసి నమ్మొద్దు, చాలాచోట్ల మాంసం రసం పోసి కలుపుతారు. ఒక సందులోని చిన్న హోటల్లో ఆ సలాడే చెప్పబోతే, వడ్డించే అమ్మాయి అత్తయ్య బొట్టు చూసిందో ఏమో, తనే ఆపి "మీకు ఇది కుదరదు" అంది. దానికి బదులు చీజ్ కలిపిన స్పెట్స్‌లే అనే నూడుల్స్ తెచ్చింది, ప్లేటు 14.90 యూరోలు. పైన కరకరలాడే వేయించిన ఉల్లిపాయలు. అత్తయ్య సంచిలోంచి కారప్పొడి పొట్లం తీసి చల్లుకున్నారు. ఆ అమ్మాయి తనకీ కొంచెం కావాలని చెయ్యి చాపింది. మొత్తం ప్రయాణంలో అత్తయ్య కడుపారా తిన్న భోజనం అదే. నేనూ మా ఆయనా మాత్రం వంతెన పక్కన పాత సాసేజ్ కొట్టు వుర్స్ట్‌కుహ్ల్‌లో పుల్లటి క్యాబేజీ, తీయటి ఆవముద్దతో సాసేజ్‌లు తిన్నాం. నది ఏ ఏడు ఎంత ఎత్తుకి వచ్చిందో ఆ కొట్టు గోడ మీద గీతలు గీసి ఉంటాయి, అడిగి చూడండి.

రాతి వంతెన 1135లో మొదలుపెట్టింది. 1189లో జర్మన్ చక్రవర్తి బార్బరోసా క్రూసేడ్ అనే మతయుద్ధానికి తన సేనని ఈ ఊరి నుంచే నడిపించాడు. ఇప్పుడు కార్లు లేవు, సాయంత్రం నడవడానికి హాయిగా ఉంది. నాయ్‌ప్‌ఫార్‌ప్లాట్స్ కింద రోమన్ అధికారుల ఇళ్ళు, వాటిపైన 1519లో కూల్చేసిన యూదుల పేట అవశేషాలు ఉన్నాయి. అక్కడికి గైడుతోనే దిగనిస్తారు. మేం వేళ తెలుసుకోకుండా వెళ్ళి తలుపు చూసి వచ్చాం.

బస మాత్రం ఈసారి స్టేషన్‌కీ పాత ఊరికీ మధ్య తీసుకుంటాను. నడిస్తే పది నిమిషాలు. అడ్రసు ముందుగా ఇవ్వని గదికి ఒక్క యూరో కట్టను. తిరిగొచ్చాక వాల్‌పేపరు ఫొటోలు పెట్టి బుకింగ్ చేసిన వాళ్ళకి మూడుసార్లు రాశాను. "సిటీ టాక్స్" 24 యూరోలు వెనక్కి వచ్చాయి. శుభ్రం ఖర్చు 45 గురించి ఇంకా రాస్తూనే ఉన్నాను.

ఆదివారం రైలుకి ముందు ఇరవై నిమిషాలు మిగిలితే ఎక్కడికెళ్దామని అత్తయ్యని అడిగాం. "ఆ పార్కింగ్‌కే" అన్నారు. మా ఆయన సూట్‌కేసు లాక్కుంటూ ముందు నడిచారు.