‘శ్రీలంక ఒరిజినల్’ దాల్చిన చెక్క పొడి కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

షుగర్ తగ్గుతుందని పరగడుపున దాల్చిన చెక్క పొడి వేసుకునేవాళ్లు చాలా ఇళ్లలో ఉంటారు. మా ఇంట్లో నాన్నగారు. ఆయన కోసం ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర పొడి ఒక ప్యాకెట్, చెక్క ఒక ప్యాకెట్ తెప్పించాను. ముందువైపు పెద్ద బంగారు రంగు అక్షరాల్లో ‘శ్రీలంక ఒరిజినల్’, దాని కింద ‘షుగర్ నార్మల్ గ్యారంటీ’. పావుకిలో పొడికి ఏడు వందలు.

చెక్క విరుద్దామంటే విరగదే! మందంగా, ఒకటే పొర, రెండు అంచులూ లోపలికి ముడుచుకుని ఉంది. మిక్సీలో వేస్తే జార్ పగులుతుందేమో అన్నంత మోత. బిర్యానీలో వేసే మామూలు చెక్క ఇలాగే ఉంటుంది, దాన్నే క్యాసియా అంటారు. అసలు సిలోన్ (అంటే శ్రీలంక) చెక్క చూడ్డానికి చుట్టలా ఉంటుంది. లోపల కాగితమంత పల్చటి పొరలు బోలెడు, వేళ్లతో నలిపితే రాలిపోతుంది, ఘాటు తక్కువ, కాస్త తియ్యటి వాసన. అనుమానం వచ్చి ప్యాకెట్ వెనక్కి తిప్పితే, భూతద్దం పెడితే తప్ప కనపడని అక్షరాల్లో ‘క్యాసియా బార్క్’ అని ఉంది. పొడి ప్యాకెట్ మీదా అదే.

డబ్బు పోతే పోయింది, అసలు టెన్షన్ వేరే. క్యాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది, సిలోన్ చెక్కలో నామమాత్రం. ఈ కూమరిన్ కొందరికి లివర్‌ను దెబ్బతీస్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్కలో, రోజూ తీసుకునేటట్టయితే ఒంటి బరువు కిలోకి 0.1 మిల్లీగ్రాము మించకూడదు. 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములన్నమాట. సరుకును బట్టి మారినా, గ్రాము క్యాసియా పొడిలో సుమారు 3 మిల్లీగ్రాములు ఉంటుంది. రెండు గ్రాములకే కోటా అయిపోయింది, టీస్పూన్ నిండా తీస్తే దాటిపోతుంది. పులావులో వేసే ముక్కకి భయపడక్కర్లేదు. నెలల తరబడి రోజూ చెంచాడు మింగడమే ప్రమాదం. మా డాక్టరుగారు ముందు ఆ పొడి మానిపించి, లివర్ టెస్టు రాశారు. రిపోర్టు బాగానే వచ్చింది.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే, ‘అదీ దాల్చినే కదండీ, వంద శాతం నేచురల్’ అన్నాడు. ఉమ్మెత్త కాయ కూడా నేచురలే! ఫుడ్ ఐటమ్‌కి రిటర్న్ లేదని పెట్టేశాడు.

మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లో దాల్చినికి, క్యాసియాకి ప్రమాణాలు వేర్వేరు. ఒకటి పేరు పెట్టి ఇంకోటి అమ్మడం కుదరదు. ఇక షుగర్ నయం చేస్తామని ప్రకటనలు వేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. కాబట్టి ‘గ్యారంటీ’ అని కనపడితే అక్కడే వదిలేయండి.

కొనాలనుకుంటే పొడి వద్దు, చెక్కే కొనండి. పొడి అయ్యాక ఏది ఏదో కళ్లతో చూసి చెప్పలేం. షుగర్ మాత్రలు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, లివర్ సమస్య ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ప్యాకెట్, బిల్లు పారేయకండి. వెనకవైపు లేబుల్, 14 అంకెల లైసెన్స్ నంబరు కనపడేలా ఫోటోలు తీసి పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. నేనూ ఫిర్యాదు పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. తేలగానే ఇక్కడే రాస్తాను.