నాలుగో తరగతి నుంచి టెన్త్ దాకా ఒకే స్కూల్ యాప్: వాడిన తల్లిగా నా మాట

మా పిల్లలు చదివే స్కూల్లో పేరెంట్ యాప్ పెట్టినప్పుడు పెద్దవాడు నాలుగో తరగతి. ఇప్పుడు వాడు ఇంటర్‌లో చేరాడు, చిన్నది ఇంకా అక్కడే ఏడులో ఉంది. హైదరాబాద్‌లో ఓ మోస్తరు ప్రైవేట్ స్కూల్. యాప్ పేరు చెప్పినా మీకు పెద్దగా ఉపయోగం ఉండదు. ఇలాంటివి చాలావరకు ఒకే సాఫ్ట్‌వేర్‌కి లోగో మార్చి పది స్కూళ్లకి అమ్మినవే. మీ ఇంట్లో ఉన్నదీ ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

ముందు మంచి చెప్పాలి. ఫీజు రసీదులన్నీ ఒకచోట దొరుకుతాయి. పాత పన్ను విధానంలో ట్యూషన్ ఫీజుకి మినహాయింపు చూపించుకునే మా ఆయనకి ప్రతి జనవరిలో ఇదే దిక్కు. వానలు దంచికొట్టి కలెక్టర్ సెలవు ప్రకటించిన రోజు టీవీ కంటే ముందు ఇందులోనే తెలిసేది. బస్సు ఎక్కడుందో మ్యాప్‌లో కనబడుతుంది కాబట్టి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు టెన్షన్ పడకుండా కాఫీ పెట్టుకోవచ్చు. వాడటానికి యాప్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను. పిల్లల వివరాలు దాచే పద్ధతికి మాత్రం రెండు, అదీ ఈమధ్య పెరిగాక.

గొడవ యాప్ కంటే ముందు, అడ్మిషన్ ఫారం దగ్గరే మొదలవుతుంది. మొదటి పేజీలో అడిగినవి న్యాయమైనవే. పుట్టిన తేదీ, మాతృభాష, కులం, పుట్టుమచ్చలు. పుట్టుమచ్చలెందుకని నవ్వుకుంటాం గానీ రేపు టెన్త్ పరీక్షలు రాసే పిల్లల జాబితాకి, అంటే నామినల్ రోల్‌కి, అవి కావాలి. కేంద్రం యూడైస్ ప్లస్ పోర్టల్లో ప్రతి పిల్లవాడి వివరాలూ స్కూలే ఎక్కించాలి కాబట్టి సామాజిక వర్గం లాంటివి వాళ్లకీ తప్పవు. కానీ రెండో పేజీలో సొంత ఇల్లా అద్దె ఇల్లా, కారు ఉందా, నెలకి ఎంత ఆదాయం, తల్లిదండ్రుల ఆఫీసు అడ్రసు, ఇద్దరి ఆధార్ జిరాక్సులు.

"కారుందో లేదో మీకెందుకండీ?" అని కౌంటర్లో అడిగాను.

"సాఫ్ట్‌వేర్‌లో కాలమ్ ఉంది మేడం, అందుకే అడుగుతున్నాం" అన్నాడు ఆ అబ్బాయి. పాపం, అబద్ధం చెప్పలేదు. ఎవరో కోడ్ రాసినాయన ఓ కాలమ్ పెట్టాడు, అది నింపడానికి వందల కుటుంబాలు తమ సంగతులన్నీ రాసిచ్చాయి.

చిన్నదాన్ని చేర్చేటప్పుడు నేనో పని చేశాను. ఏవి ప్రభుత్వానికి పంపాలో, ఏవి స్కూల్ సొంతానికో గుర్తుపెట్టి ఇవ్వమని హెడ్‌క్లర్క్ సార్‌ని అడిగాను. ఆయన ఎర్ర పెన్ను తీసి అక్కడికక్కడే టిక్కులు పెట్టారు. టిక్కు పడనివి దాదాపు సగం. అవన్నీ ఖాళీగా వదిలేసి ఇస్తే కిక్కురుమనకుండా తీసుకున్నారు. కాలమ్ ఖాళీగా ఉన్నా సాఫ్ట్‌వేర్‌కి ఏమీ కాలేదు!

ఇక లాగిన్. మొదట్లో యూజర్ ఐడీ అంటే అడ్మిషన్ నంబరు. పాస్‌వర్డ్ పుట్టిన తేదీ. అడ్మిషన్ నంబరు పిల్లల మెళ్లో ఐడీ కార్డు మీద ఉంటుంది, నోటు పుస్తకం లేబుల్ మీద కూడా రాయిస్తారు. పుట్టిన తేదీ సంగతి చూడండి: ప్రతి ఉదయం యాప్‌లో "ఈరోజు పుట్టినరోజు" అని ఫొటో, పేరు, తరగతి, సెక్షన్‌తో శుభాకాంక్షలు వచ్చేవి. ఏ సంవత్సరమో తరగతిని బట్టి ఒకటి రెండు ఊహలతో తేలిపోతుంది. పక్క ఫ్లాట్ వాళ్లని అడిగి, వాళ్ల ముందే, వాళ్ల పాప ఖాతా నా ఫోన్లో తెరిచి చూపించాను. ఇంటి అడ్రసు, బస్సు ఎక్కే స్టాపు, అమ్మానాన్నల నంబర్లు, రక్తం గ్రూపు, ఆధార్ స్కాన్ కాపీ, మూడేళ్ల మార్కులు. ఆవిడ మొహం మాడిపోయింది. "ఇదేంటండీ, మా ఆడపడుచుకి కూడా తెలియనివి ఇందులో ఉన్నాయి" అంది.

నలుగురం కలిసి వెళ్లి ప్రిన్సిపల్ మేడం ముందు ఇదే చేసి చూపించాం. ఆవిడ వెంటనే కంపెనీకి ఫోన్ చేశారు. నెల తిరక్కుండా లాగిన్‌కి ఓటీపీ వచ్చింది, పుట్టినరోజు బోర్డులో ఫొటో పోయింది. ఆధార్ స్కాన్ కాపీలు తీసేయమంటే ఇంకొన్నాళ్లు సాగదీశారు, చివరికి తీశారు. మర్యాదగా, కాగితం మీద రాసి, అందినట్టు ఆఫీసులో ఇన్వర్డ్ నంబర్ వేయించుకుని అడిగితే పని జరుగుతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో కేకలేస్తే టీ ఇచ్చి పంపిస్తారు.

ఎంత అడిగినా తేలనిది ఒకటుంది. ఇంట్లో టెన్త్ పిల్లలున్న వాళ్లందరికీ తెలిసిన బాధే, కాలేజీ పీఆర్వోల ఫోన్లు. పెద్దవాడు తొమ్మిదిలో ఉండగానే మొదలయ్యాయి. "మేడం, మీ బాబు ఈసారి టెన్త్ కదండీ, ఎంపీసీయా బైపీసీయా? ఇప్పుడే సీటు బుక్ చేసుకుంటే ఫీజులో తగ్గింపు ఉందండీ." పేరు, తరగతి, మేముండే ఏరియా అన్నీ వాళ్ల దగ్గరున్నాయి. మా నంబరు ఎక్కడిదంటే "డేటాబేస్‌లో ఉంది మేడం" అంటారు, అదేదో చెట్టుకి కాసినట్టు. మా ఇంటిపేరు స్కూల్ రికార్డులో ఒక అక్షరం తప్పుగా పడింది. ఆధార్‌లో, బ్యాంకులో, గ్యాస్ కనెక్షన్లో ఎక్కడా ఆ తప్పు లేదు, స్కూల్లో తప్ప. ఫోన్ చేసిన ఒకాయన మా ఇంటిపేరు సరిగ్గా ఆ తప్పుతోనే పలికాడు. జాబితా ఆఫీసులో ఎవరైనా ఇచ్చారో, యాప్ కంపెనీ నుంచి వెళ్లిందో, ఎక్సెల్ షీటు ఏ పెన్‌డ్రైవ్‌లో ప్రయాణం చేసిందో తేలలేదు. స్కూల్ వాళ్లు కంపెనీ వైపు, కంపెనీ వాళ్లు స్కూల్ వైపు చెయ్యి చూపించారు. ఆ వివరాలు ఎవరెవరు తెరిచి చూశారో చెప్పే లాగ్ ఉందా అని అడిగితే, ఆ మాట వినడం అదే మొదటిసారన్నట్టు చూశారు. వివరాలు దాచే పద్ధతికి రెండే మార్కులిచ్చింది దీనికే.

అపార్ ఐడీ సంగతీ చెప్పాలి. 12 అంకెల విద్యార్థి నంబరు, మార్కులూ సర్టిఫికెట్లూ డిజిలాకర్‌లో చేరడానికి. దానికి తల్లిదండ్రుల సమ్మతి పత్రం కావాలి, ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకోవచ్చని కూడా పత్రంలోనే ఉంది. మాకు మాత్రం యాప్‌లో "రేపటిలోగా సంతకం చేసి పంపండి" అని ఒక్క లైను వచ్చింది. స్వచ్ఛందం అన్న మాట అందులో లేదు. పేరు ఆధార్‌లో ఒకలా, రిజిస్టర్‌లో ఒకలా ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఆధార్ సెంటర్ల ముందు పడిగాపులు కాశారు. నేను పత్రం చదివి, పెద్దవాడికి ఇంటర్ తర్వాత పనికొస్తుందని సంతకం పెట్టాను, చిన్నదానికి తర్వాత చూద్దామన్నాను. దాని చదువేం ఆగిపోలేదు. స్కూల్ అడ్మిషన్‌కి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ తీర్పులోనే చెప్పింది. ఆ తీర్పు సంగతి కౌంటర్లో ఎత్తితే మాత్రం మనల్ని లాయర్లనుకుంటారు.

కొత్త చట్టం ఈ లెక్క మారుస్తుందని నా ఆశ. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లల కిందే లెక్కేస్తుంది. వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఆ అనుమతి నిజమైనదేనని సరిచూసుకోవాలి. పిల్లల విషయంలో పెట్టిన బాధ్యతలు తప్పితే జరిమానా 200 కోట్ల దాకా వెళ్లొచ్చు. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, అసలు బాధ్యతలకి మాత్రం 18 నెలల గడువిచ్చారు. చదువు కోసం, భద్రత కోసం పిల్లల్ని గమనించడానికి స్కూళ్లకి మినహాయింపుంది. స్కూల్ బస్సు లొకేషన్ దాని కిందికే వస్తుంది, అది సబబే. కారుందా అన్న కాలమ్ ఆ మినహాయింపులో ఎక్కడ ఇముడుతుందో నాకైతే కనబడలేదు.

నిజానికి యాప్ కంటే ఎక్కువగా వివరాలు బయటికి పొక్కేది క్లాసు వాట్సాప్ గ్రూపులో. యూనిట్ టెస్ట్ అయ్యాక మార్కుల షీటు మొత్తం ఫొటో తీసి పెట్టేస్తారు, ఎవరికి ఎన్నో అందరికీ తెలిసేలా. ఫీజు బకాయి ఉన్నవాళ్ల జాబితా కూడా ఓసారి వచ్చింది, అరగంటలో తీసేశారు గానీ చూడాల్సిన వాళ్లంతా చూసేశారు. ఇక టెన్త్ ఫలితాలొచ్చాక ఫ్లెక్సీలు సరేసరి. పిల్లల ఫొటో, పేరు, మార్కులు, కొన్నిసార్లు హాల్‌టికెట్ నంబరుతో సహా చౌరస్తాలో వేలాడతాయి. హాల్‌టికెట్ నంబరుంటే ఫలితం ఎవరైనా తీసి చూసుకోవచ్చు. మావాడి ఫొటో వేయొద్దని రాసిచ్చాను. "మంచి మార్కులొచ్చాయి కదా మేడం, గర్వంగా ఉండదా?" అని ఆశ్చర్యపోయారు. ఉంటుంది, మా ఇంట్లో.

పెద్దవాడి టీసీ తీసుకున్నాక ఖాతా తీసేయమని దరఖాస్తు ఇచ్చాను. అడ్మిషన్ రిజిస్టర్, టీసీ నకలు స్కూల్ ఉంచుకోవాలి, దాని మీద పేచీ లేదు. ఫోన్ నంబర్లు, ఫొటోలు, బస్సు స్టాపు, డాక్టర్ సర్టిఫికెట్లు మాత్రం చెరిపేయమన్నాను. "ఇనాక్టివ్ చేశాం" అని జవాబొచ్చింది. ఇనాక్టివ్ అంటే చెరిపేసినట్టా, కనబడకుండా పక్కన పెట్టినట్టా అని మళ్లీ రాశాను. దానికి ఇంకా జవాబు రాలేదు. ఈ మధ్యలో వాడి పేరుమీద వచ్చే ఏడాది బస్సు ఫీజు కట్టమని ఒక నోటిఫికేషన్ మాత్రం వచ్చింది. దాని స్క్రీన్‌షాట్ జతచేసి ఇంకో దరఖాస్తు ఇచ్చాను, ఇన్వర్డ్ నంబర్ వేయించుకుని.