డిప్ చేసిన ఫ్రాగే కదా అని నేరుగా ట్యాంకులో పెట్టేయకండి

"డిప్ చేసేశాం, క్వారంటైన్ అయిపోయింది, తీసుకెళ్లి ట్యాంకులో పెట్టుకోవడమే తరువాయి" అంటూ కోరల్ ఫ్రాగ్‌లు, అంటే పెద్ద పగడాల నుంచి కోసిన చిన్న ముక్కలు, అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ మాట నమ్మి వేలెడంత ఆక్రోపోరా (ఒక రాతి కోరల్) ముక్క కొని, రెండు నెలలు తిరక్కుండానే ఏళ్లపాటు పెంచుకున్న కోరల్స్ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. డిప్ అంటే పురుగులు రాలేలా ముక్కను మందు నీళ్లలో ముంచడం. ఉప్పునీటి ట్యాంకు ఉన్నవాళ్లూ, కొత్తగా పెట్టబోతున్నవాళ్లూ తర్వాతి ఫ్రాగ్ కొనేముందు ఇది చదవండి.

దాదాపు ప్రతిసారీ ఇది ఒకేలా జరుగుతుంది. ఫ్రాగ్ వస్తుంది, మర్నాటికి పాలిప్‌లు (కోరల్ మీద పువ్వుల్లా ఉండే చిన్న ప్రాణులు) విచ్చుకుంటాయి, మొదటి రెండు వారాలు ఏ తేడా కనబడదు. మూడో నాలుగో వారంలో కాడ మొదట్లో రంగు వెలుస్తుంది. దగ్గరగా చూస్తే మిల్లీమీటరు సైజులో గుండ్రటి పాలిపోయిన మచ్చలు. ట్యాంకు యజమానికి మొదటి అనుమానం ఆల్కలినిటీ (నీళ్ల క్షారత) మీదకే పోతుంది. కొలిస్తే 8.2 డీకేహెచ్ (క్షారత కొలత), అంటే బాగానే ఉంది. అయినా మనసు ఆగక బఫర్ (క్షారత పెంచే మందు) పోస్తాడు. రోజుకు 1 డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచకూడదన్న సంగతి ఆ కంగారులో గుర్తుండదు. ఇక కొనలు కూడా మాడడం మొదలవుతుంది. అమ్మినాయన్ని అడిగితే "మీ నీళ్లలోనే ఏదో తేడా ఉందండీ" అంటాడు. చూడబోతే అదీ నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికి నీళ్లు కూడా పాడయ్యాయి. అసలు దొంగ మాత్రం కాడ నీడలో అంటుకుని హాయిగా తింటూ ఉంటుంది.

ఆ దొంగ పేరు ఆక్రోపోరా ఫ్లాట్‌వార్మ్. కాగితంలా పల్చగా ఉండే పురుగు. తిన్న కండలోని రంగే దాని ఒంట్లో కనబడుతుంది కాబట్టి కోరల్ మీద ఉన్నా కంటికి ఆనదు. డిప్ మందులో పడితే పెద్ద పురుగులు రాలిపోతాయి, గుడ్లు మాత్రం రాలవు. కండ లేని సున్నపు కాడ మీద, ముఖ్యంగా ప్లగ్‌కు (ముక్కను అంటించే చిన్న బిళ్లకు) ఆనుకున్న చోట, తేనె రంగు చుక్కలు పక్కపక్కనే అతికించినట్టు పెడుతుంది. వాటి గట్టి పెంకు దాటి ఏ డిప్ మందూ లోపలికి పోదు. 25 నుంచి 27 డిగ్రీల నీళ్లలో రెండు వారాలు అటూ ఇటూగా పొదుగుతాయి, నీళ్లు చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం. కాబట్టి అమ్మినాయన నిన్న సాయంత్రం నిజంగానే డిప్ చేసి ఉండొచ్చు. అబద్ధమాడలేదు. మీకు అంటగట్టింది మాత్రం గుడ్ల బుట్ట.

మాంటిపోరా అనే రాతి కోరల్‌కు ఇంకో శత్రువు ఉంది. నాలుగైదు మిల్లీమీటర్ల తెల్లటి న్యూడిబ్రాంక్ (గవ్వ లేని సముద్రపు నత్త). పలక అంచు నుంచి లోపలికి తింటూ వస్తుంది, అడుగున గుడ్లు పెడుతుంది. వీటి గుడ్లూ డిప్‌కు లొంగవు. జోవాలను (గుంపుగా పెరిగే బొత్తాల్లాంటి మెత్తటి ప్రాణులను) తినే న్యూడిబ్రాంక్ అయితే ఆ జోవా రంగే పూసుకుంటుంది. చిన్న సాలీడులాంటి పురుగులూ, మెట్లబావిలా చుట్టలు తిరిగిన గవ్వతో ఉండే సన్‌డయల్ నత్తలు కూడా జోవాల అడుగు పొర మడతల్లోనే దాక్కుంటాయి. ఆక్రోపోరా మీద రెడ్ బగ్స్ అని ఇంకోటి. అర మిల్లీమీటరు పసుపు నలుసు, మధ్యలో ఎర్ర చుక్క. భూతద్దం లేకుండా పట్టుకోవడం కష్టం. పాలిప్‌లు వారాల తరబడి బయటికి రాకుండా రంగు మందగిస్తే దీన్ని అనుమానించండి.

ఇక ప్లగ్ సంగతి. కోరల్‌ను చూసి ముచ్చటపడి కొంటాం, అది అంటుకున్న ప్లగ్‌ను తిరగేసి ఎవరూ చూడరు. ఐప్టేసియా (కలుపులా పెరిగే సీ యానిమోన్) మొలకలు, వెర్మెటిడ్ నత్తల గొట్టాలు, బుడగ నాచు, ఈకలా పెరిగే బ్రయోప్సిస్, అన్నీ అక్కడే. వీటన్నిటికంటే ప్రమాదం కంటికి కనబడకుండా చేపలకు తెల్లమచ్చల జబ్బు తెచ్చే పరాన్నజీవి, క్రిప్టోకారియాన్. అమ్మేచోట చేపలున్న నీళ్లలోనే ఫ్రాగ్ ర్యాక్ ఉంటే, దాని సిస్ట్‌లు (గట్టి గూడు కట్టుకున్న దశ) ప్లగ్ మీదో, కోరల్ మొదట్లోని కండ లేని సున్నం మీదో అంటుకుని వస్తాయి. డిప్ వాటిని ఏమీ చేయలేదు. ఒక్క చేపా లేని ట్యాంకులో 76 రోజులు ఉంచడం అందుకే ఆనవాయితీ అయింది. కోరల్ కొన్నందుకు చేపలు పోవడం ఏమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. పోయేది ఇదిగో ఇలాగే.

కొనేముందు అడగాల్సినవి ఎక్కువ లేవు. ఎప్పుడు కోశారు? ఈ సిస్టమ్‌లో ఎన్ని వారాలుగా ఉంది? అదే నీళ్లలో చేపలున్నాయా? సెలైనిటీ (నీళ్ల ఉప్పదనం), ఆల్కలినిటీ ఎంత? అన్నిటికంటే ముఖ్యంగా ప్లగ్ అడుగు భాగం ఫొటో అడగండి. ఆ ఫొటో పంపడానికి నసిగేవాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు. కోసిన ముక్క మొదలు ప్లగ్ మీదికి పాకి అంటుకుని ఉంటే కనీసం రెండు మూడు వారాలుగా ఉన్నట్టు లెక్క. తెల్లగా కోసిన అంచూ, దాని కింద తాజా గమ్మూ కనబడితే నిన్నో మొన్నో కోసి అమ్ముతున్నారు. కోతకు ఒకసారి, ప్రయాణానికి ఒకసారి, కొత్త నీళ్లకు ఇంకోసారి, మూడు దెబ్బలు ఒకే వారంలో తట్టుకోవడం ఆక్రోపోరా వల్ల కాదు. "ఫామ్‌లో పెంచింది" అంటూ అమ్మే ముక్క ప్లగ్ మీద కాకుండా విరిచిన రాతి చెక్క మీద, స్పాంజ్‌లూ పురుగు గొట్టాలతో సహా ఉంటే అది సముద్రం నుంచి పీకి తెచ్చినదే కావచ్చు. రాతి కోరల్స్ సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. దేశం దాటి వచ్చిన సరుకుకు పర్మిట్ ఉండాలి కాబట్టి కాగితం అడగడంలో మొహమాటమేమీ అక్కర్లేదు.

ఫొటోల మోసం వేరే కథ. నీలి లైటు కింద, 450 నానోమీటర్ల దగ్గర, కోరల్‌లోని ఫ్లోరసెంట్ ప్రొటీన్లు వెలుగుతాయి. మామూలు మట్టి రంగు కోరల్ కూడా దీపావళి మతాబులా కనిపిస్తుంది. తెల్ల లైటు కింద, ఫిల్టర్ లేకుండా తీసిన ఫొటో అడగండి. అందులో కండ మరీ పాలిపోయి అడుగున సున్నం తెలుస్తుంటే అది బ్లీచ్ అయిన కోరల్, దానికి తిండి పెట్టే నాచు కణాలు వెళ్లిపోయాయి. కొన్ని గోనియోపోరాలకూ, లెదర్ కోరల్స్‌కూ, యానిమోన్లకూ ఏకంగా రంగు ఎక్కించి అమ్ముతారు. నోరు, కాడ, టెంటకిల్ అన్నీ ఒకే ముదురు పసుపో ఊదారంగో ఉంటే, ఎక్కడా ఛాయ మారకపోతే, ఆ జోలికి పోకండి. ఆ రంగు కొన్ని వారాల్లో దిగిపోతుంది, కింద తేలేది ఆకలితో ఉన్న తెల్ల ప్రాణి.

ప్యాకెట్ చేతికి రాగానే కత్తిరించే ముందే వీడియో మొదలుపెట్టండి, మధ్యలో ఆపకండి. ప్రాణంతో చేరుతుందన్న హామీ సాధారణంగా సంచిలోనే చచ్చిన దానికి, అదీ కొన్ని గంటల లోపల చెప్పినదానికే వర్తిస్తుంది. పది రోజులకు కండ ఊడితే ఎవరూ పూచీ పడరు. సంచిని ట్యాంకు నీళ్ల మీద 15, 20 నిమిషాలు తేల్చి ఉష్ణోగ్రత కలవనివ్వండి. తర్వాత సంచి నీళ్ల సెలైనిటీ కొలవండి. కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీళ్లతో కాకుండా 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు) ద్రావణంతో సరిచూసుకుని ఉండాలి. కోరల్‌కు కావాల్సింది దాదాపు 1.026 సాపేక్ష సాంద్రత. సంచిలో 1.020 వచ్చిందంటే ఉప్పు ఆదా చేసుకోవడానికో, చేపల జబ్బు అణచడానికో అమ్మేవాళ్లు నీళ్లు పల్చగా ఉంచారన్నమాట. అలాంటప్పుడు చుక్కచుక్కగా మీ నీళ్లు కలుపుతూ 30, 40 నిమిషాలు అలవాటు చేయండి. తేడా లేకపోతే ఈ సాగదీత వద్దు, సంచి తెరిచాక పీహెచ్ పెరిగి లోపలి అమ్మోనియా ఇంకా విషమవుతుంది.

డిప్ ఇలా. తెల్లటి టబ్బులు మూడు, ఒక్కోదాంట్లో రెండు మూడు లీటర్ల ట్యాంకు నీళ్లు, 25 డిగ్రీలు. మొదటి టబ్బులో మందు, డబ్బా మీద రాసిన మోతాదే. మందు ఎక్కువ పోస్తే పురుగు కంటే ముందు కోరల్ చస్తుంది. సాధారణంగా ఐదు నుంచి పది నిమిషాలు. ఆ సేపంతా బాస్టర్‌తోనో పెద్ద సిరంజితోనో కాడ మొదట్లోకి, కొమ్మల సందుల్లోకి నీళ్లు బలంగా కొడుతూ ఉండాలి. ఊరికే నానబెడితే పురుగులు అంటుకునే ఉంటాయి. టబ్బు తెల్లగా ఉండమన్నది అడుగున ఏం రాలిందో కనబడాలని. తర్వాత రెండు టబ్బుల్లో కడగండి. వాడిన నీళ్లు ఒక్క చుక్క కూడా ట్యాంకులోకి పోకూడదు. అయోడిన్ డిప్ కోసిన గాయాలకు పనికొస్తుంది, దాంతో పురుగులు పోతాయనుకోవద్దు. మొక్కల పురుగుమందు ఇమిడాక్లోప్రిడ్‌తో డిప్ చేసేవాళ్లూ ఉన్నారు. పురుగుల మీద బాగానే పనిచేస్తుంది, కానీ కడగడంలో ఏమరుపాటైతే రొయ్యలూ పీతలూ పోతాయి. అదే సీసాలో వేరే మందులు కలిపి ఉన్న రకాలైతే అసలు ముట్టుకోకండి.

డిప్ అయ్యాక ప్లగ్ పారేయండి. అందరూ బద్ధకించే పని ఇదే, గుడ్లున్నదీ అక్కడే. ఆక్రోపోరా, మాంటిపోరా అయితే బోన్ కట్టర్‌తో ప్లగ్‌కు అర సెంటీమీటరు పైన కోసి, కండ లేని సున్నం ఏమాత్రం మిగలకుండా చూసి, కొత్త ప్లగ్‌కు జెల్ గమ్ముతో అంటించండి. సున్నం కొంత మిగిలితే బ్లేడుతో గీకి దానిమీద కూడా గమ్ము పూయండి. యూఫిలియా లాంటి పెద్ద పాలిప్‌ల కోరల్స్‌ను కండకు దగ్గరగా కోయకూడదు. పాలిప్ లోపలికి ముడుచుకున్నప్పుడు ఎంత కిందికి దిగుతుందో పైనుంచి తెలియదు, కనీసం రెండున్నర సెంటీమీటర్లు కిందికి వదలండి. ప్లగ్ మీద ఐప్టేసియా ఉంటే గీకొద్దు, మిగిలిన తునక నుంచి మళ్లీ పుడుతుంది.

జోవాలు, వాటి దగ్గరి చుట్టాలైన పాలితోవాలు కోసేటప్పుడు మాత్రం ఆటలాడకండి. వాటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది ప్రాణాంతకం. గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాల్సిందే, చేతికి గాయముంటే ఆ రోజు పని వాయిదా. అవి అంటుకున్న రాయిని ఉడకబెట్టడం, వేడినీళ్లతో కడగడం, ఆరాక బ్రష్‌తో రుద్దడం ఎప్పుడూ చేయొద్దు. ఆవిరితోనో తుంపరలతోనో గాల్లో కలిసి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నోట్లో చేదు, లోహపు రుచి, ఊపిరాడకపోవడం, ఒళ్లునొప్పులు, జ్వరం కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లి పాలిటాక్సిన్ పేరు చెప్పండి. చెప్పకపోతే వాళ్లకు తట్టకపోవచ్చు.

క్వారంటైన్‌కు 40 లీటర్ల ట్యాంకు చాలు. హీటరు, చిన్న పవర్‌హెడ్ (నీళ్లు కదిలించే పంపు), లైటు, మూడు నాలుగు వారాల ముందే మీ సంప్‌లో (మెయిన్ ట్యాంకు ఫిల్టర్ తొట్టెలో) వేసి ఉంచిన స్పాంజ్. ఒకప్పుడు చేపలకు కాపర్ మందు వాడిన ట్యాంకు వాడొద్దు, సిలికాన్‌లో మిగిలిన కాపర్ మెల్లగా దిగుతుంది. ఇంత చిన్న ట్యాంకులో ఒక్క లీటరు ఆవిరైతే 35 పీపీటీ కాస్తా 35.9 అవుతుంది, కాబట్టి టీడీఎస్ సున్నా ఉన్న నీళ్లు రోజూ కలపాలి. వెలుతురు 75, 100 పార్ (కోరల్‌కు ఉపయోగపడే వెలుతురు కొలత) దగ్గర మొదలుపెట్టి వారాల మీద పెంచండి. మెయిన్ ట్యాంకులో మీ ఆక్రోపోరాలు 300లో ఉన్నాయని కొత్తదాన్ని తెచ్చి అక్కడే పెడితే మాడుతుంది. వారానికోసారి డిప్, అలా ఆరు వారాలు. పొదిగిన పురుగు మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు రాకముందే దొరికిపోవాలని ఈ లెక్క. అమ్మినచోట చేపలుంటే ఆరు వారాలు చాలవు, 76 రోజులు ఆగాలి.

ఫ్లాట్‌వార్మ్ ఇప్పటికే మెయిన్ ట్యాంకులోకి వచ్చేసి ఉంటే, ట్యాంకంతటికీ పోసి నిశ్చింతగా ఉండే మందు దానికి లేదు. సిక్స్‌లైన్ రాస్ లాంటి చేపలు పురుగుల్ని తింటాయి, గుడ్ల జోలికి పోవు. అందుకే "చేప వేశాక తగ్గింది" అన్నవాళ్లకే మళ్లీ తిరగబెడుతుంది. ఆక్రోపోరాలన్నిటినీ తీసి క్వారంటైన్‌లో డిప్‌లు చేస్తూ, మెయిన్ ట్యాంకులో ఒక్క ఆక్రోపోరా ముక్క లేకుండా ఎనిమిది వారాలు ఉంచితే, తిండి లేక మిగిలినవి పోతాయి. రాతిమీదికి పాకి అంటుకున్న మొదళ్లను మర్చిపోవద్దు, గోరంత కండ మిగిలినా పురుగులు బతుకుతాయి. ఆ మొదళ్లను గీకేయండి, లేదా ఎపాక్సీతో పూర్తిగా కప్పేయండి. రెడ్ బగ్స్‌కు మాత్రం మిల్బిమైసిన్ ఆక్సిమ్ అనే పశువైద్య మందు పనిచేస్తుంది. వేసే ముందు రొయ్యల్నీ పీతల్నీ వేరే తొట్టెలోకి మార్చుకోండి.