విశాఖలో నేవీ టూరు: టార్పెడోలు సరే, బియ్యం మాటేమిటి?

విశాఖపట్నంలో నౌకాదళానికి సంబంధించిన చోట్లన్నీ ఒక పూటలో చుట్టి చూపించే మినీబస్సు టూరు ఇది. మనిషికి 900 రూపాయలు, మ్యూజియం టికెట్లు అందులోనే. సంస్థ పేరు రాయడం లేదు. నా ఫిర్యాదంతా గైడు చెప్పిన కథ మీద: ఆయుధాల సంగతే తప్ప, వాటి వెనకుండే తిండి, విడిభాగాలు, మరమ్మతుల ఊసు లేదు. ఆ అబ్బాయి మర్యాదస్తుడు, ఉద్యోగానికి కొత్త. నా రాత అతని ఉద్యోగానికి ఎసరు పెట్టకూడదు. ఇలాంటి టూర్లు నడిపేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు, వాళ్ళు చెప్పే కథలూ దాదాపు ఇవే అయి ఉంటాయని నా అనుమానం. కాబట్టి ఎవరి బస్సు ఎక్కినా ఇది పనికొస్తుంది.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈవిడకు ఇంత పట్టుదల ఎందుకని మీరు అనుకుంటారు. నేను నౌకాదళం స్టోర్సులో సివిలియన్ ఉద్యోగినిగా పనిచేసి రిటైరయ్యాను. యూనిఫాం వేసుకోలేదు, ఓడెక్కి సముద్రం మీదికి వెళ్ళలేదు. లెడ్జర్లు రాశాను, వోచర్లు సరిచూశాను, ఉండవలసిన వస్తువు ఎందుకు లేదో పై అధికారికి వివరణలు రాశాను. రాజమండ్రి నుంచి వచ్చిన మా చెల్లెలు, మరిదిగారు, వాళ్ళ మనవడు సరదాగా చూస్తుంటే, నేను మాత్రం తనిఖీకి వచ్చినదానిలా కూర్చున్నాను. ఇక్కడ రాసేదంతా అందరికీ తెలిసిన విషయమే. ఏ రహస్యమూ లేదు, ఉన్నా రాయను.

బస్సు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఎక్కించుకుంది. సీట్లు బాగున్నాయి, ఏసీ పనిచేసింది, డ్రైవరు నిదానస్తుడు. మధ్యలో పెట్టించిన భోజనం గురించి మాట్లాడకపోవడమే మంచిది. పులిహోర చల్లారిపోయింది, పెరుగు పుల్లగా ఉంది.

మొదటి నిరాశ ఎన్‌ఏడీ కొత్త రోడ్డు దగ్గర. ఫ్లైఓవర్ ఎంత బాగుందో గైడు ఉత్సాహంగా చెప్పాడు. ఆ జంక్షన్ పక్కనున్న నేవల్ ఆర్మమెంట్ డిపో (ఎన్‌ఏడీ అంటే అదే, నౌకాదళం మందుగుండు దాచే చోటు) గురించి ఒక్క మాట లేదు. యుద్ధనౌక మీద ఫిరంగి ఫొటో తీసుకునే మనకు, అందులో వేసే గుండు ఎక్కడుంటుందన్న ఆలోచన రాదు. అది ఊరికి దూరంగా కట్టిన డిపోలో ఉంటుంది. నిర్ణీత కాలానికోసారి పరీక్షిస్తారు, గడువు తీరినదాన్ని వేరు చేస్తారు. ఓడ పెద్ద మరమ్మతుకు వెళ్ళే ముందు మందుగుండు దింపుతారు, మరమ్మతు పూర్తయ్యాక మళ్ళీ ఎక్కిస్తారు. ఆ ఎక్కించడం, దింపడం వెనుక ఉండే కాగితాల గుట్ట నేను చూశాను. డిపో కట్టినప్పుడు అక్కడ ఊరు లేదు. ఊరే పెరిగి దాని చుట్టూ చేరింది.

విమానాశ్రయం దగ్గర కొంచెం నయం. రన్‌వే నౌకాదళానిదని, ఐఎన్‌ఎస్ డేగ అనే వైమానిక స్థావరాన్నే పౌర విమానాలు కూడా వాడుకుంటున్నాయని అబ్బాయి సరిగ్గానే చెప్పాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విమానాశ్రయం పైకప్పు చీలిపోయిన సంగతి కూడా గుర్తుచేశాడు. ఆ మాట వినగానే బస్సులో విశాఖవాళ్ళందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు, గైడు కథ అక్కడ ఆగిపోయింది.

గాజువాక దాటి శ్రీహరిపురం, మల్కాపురం, సింధియా వైపు తిరిగాక అసలు విషయం మొదలవుతుందని ఆశపడ్డాను. ఈ దారి పొడవునా ఉన్నదే కదా నౌకాదళం! ఒకపక్క 1941లో సింధియా కంపెనీ మొదలుపెట్టిన షిప్‌యార్డు, మరోపక్క నౌకాదళం ఆసుపత్రి కల్యాణి, క్వార్టర్లు, డాక్‌యార్డుకు సైకిళ్ళ మీద, స్కూటర్ల మీద వెళ్ళేవాళ్ళ దారి. సరిగ్గా ఇక్కడే మా గైడు "కాసేపు రిలాక్స్ అవ్వండి" అని పాటలు పెట్టాడు.

మా చెల్లెలు నా ముఖం చూసి నవ్వింది. "చెప్పక్కా, చెప్పకపోతే నీకు నిద్ర పట్టదు" అంది. చెప్పాను. వెనక సీట్లవాళ్ళు కూడా చెవులు ఇటు తిప్పారు.

మన నౌకాదళానికి మూడు కమాండ్లు, అంటే ప్రాంతీయ అధికార కేంద్రాలు: ముంబైలో పశ్చిమ, కొచ్చిలో దక్షిణ, విశాఖలో తూర్పు. అండమాన్‌లో ఉన్నది మూడు దళాలకూ ఉమ్మడిది, 2001లో వచ్చింది. మన తూర్పు కమాండ్ 1968లో ఏర్పడింది. సోవియట్ యూనియన్ నుంచి జలాంతర్గాములు, నౌకలు కొంటున్న రోజులవి. కొన్న ఓడను ఎక్కడో ఒకచోట కట్టేసి, బాగుచేసి, మనుషులకు నేర్పించాలి కదా. వాళ్ళ సాయంతోనే ఇక్కడ డాక్‌యార్డు లేచింది. జలాంతర్గాముల స్థావరం వీరబాహు 1971లో వచ్చింది, తర్వాత వాటిలో పనిచేసేవాళ్ళ శిక్షణకు శాతవాహన అనే కేంద్రం వచ్చింది.

జనం అనుకునేదేమిటంటే, కమాండ్ అధిపతి అంటే ఓడ మీద నిలబడి దుర్భిణీలో చూసే ఆయన అని. అది తప్పు. ఓడల్ని సముద్రం మీదికి నడిపించే తూర్పు నౌకాశ్రేణికి వేరే ఫ్లాగ్ ఆఫీసర్ ఉంటారు. డాక్‌యార్డుకు అడ్మిరల్ సూపరింటెండెంట్ వేరు. మనుషుల వసతి, క్రమశిక్షణ చూసే సర్కార్స్ స్థావరం వేరు. విడిభాగాలకు మెటీరియల్ ఆర్గనైజేషన్, తిండికి విక్చువలింగ్ యార్డు, భవనాలు, నీళ్ళు, కరెంటుకు మిలిటరీ ఇంజినీరింగ్ సర్వీసు. ఇవన్నీ ఎవరి దారిన వాళ్ళు పోకుండా ఒక తేదీకి ఒక ఓడ దగ్గర కలిసేలా చూడడమే కమాండ్ చేసే పని. డాక్‌యార్డు మరమ్మతు పూర్తి చేసింది, కానీ పంపు వాల్వు స్టోర్సుకు రాలేదు. వాల్వు వచ్చింది, కానీ డాక్ ఇంకో ఓడకు ఇచ్చేశారు. ఇలాంటి చిక్కులు విప్పడంలోనే వాళ్ళ రోజులు గడుస్తాయి. జెట్టీకి కట్టిన ఓడకు కరెంటు, మంచినీళ్ళు కూడా ఒడ్డు నుంచే వెళ్తాయి. నావికుడు నడిసముద్రంలో ఉన్నప్పుడు అతని భార్యకు పురుడు వస్తే కల్యాణి ఆసుపత్రి ఉండాలి. అది లేకపోతే వాడి మనసు పని మీద ఉంటుందా?

పైగా ఈ కమాండ్ విశాఖతో అయిపోదు. పశ్చిమ బెంగాల్ నుంచి తమిళనాడు దాకా తీరమంతా దీని కిందే. అరక్కోణంలో రాజాలి వైమానిక స్థావరం, ఉచ్చిపుళిలో పరుందు, నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి తిరునల్వేలి జిల్లాలో కట్టబొమ్మన్. మరిదిగారు "వదినగారూ, అక్కడ సముద్రం లేదు కదా, అరక్కోణంలో నేవీ ఏమిటి?" అన్నారు. సముద్రం మీద గంటల తరబడి తిరిగే పెద్ద విమానాలకు కావలసింది పొడవైన రన్‌వే, ఖాళీ ఆకాశం. అలల చప్పుడుతో వాటికి పనిలేదు.

యారాడ కొండ మీద కాసేపు దిగాం. ఇక్కడ గైడుకు పూర్తి మార్కులు ఇస్తాను. రక్షణ స్థావరాల వైపు ఫోన్లు ఎత్తొద్దని గట్టిగా చెప్పాడు, వినని ఇద్దరు కుర్రాళ్ళను పక్కకు పిలిచి ఫొటోలు చెరిపించాడు.

తర్వాత బీచ్ రోడ్డు. అక్కడ మ్యూజియంగా మార్చిన కుర్సురా జలాంతర్గామి లోపల, మ్యూజియం తరఫున కథ చెప్పేది రిటైరైన నావికులు. ఈ టూరులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అదే. మాకు చెప్పిన పెద్దాయన ఏ గది దగ్గర నిలబడితే ఆ గదిలో బతికినవాడిలా చెప్పాడు. 91 మీటర్ల పొడవు, ఏడు గదులు, 75 మంది మనుషులు, ఇరవై రెండు టార్పెడోలు (నీళ్ళలో దూసుకెళ్ళి ఓడల్ని పేల్చే ఆయుధాలు). 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో సేవలో చేరి, 73,500 నాటికల్ మైళ్ళు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. 2002 నుంచి ఇలా ఇసుక మీద ఉంది.

బయటికి వచ్చాక మా మనవడు టూరు గైడును పట్టుకున్నాడు. "బ్యాటరీ అయిపోతే?" "పైకి వచ్చి డీజిల్ ఇంజన్లతో ఛార్జ్ చేసుకుంటుంది." "డీజిల్ అయిపోతే?" "వెనక్కి వచ్చేస్తుంది." "వచ్చాక?" గైడు నవ్వేసి ఐస్‌క్రీం బండి చూపించాడు. వాడు అడిగిన ఆ మూడో ప్రశ్నే నా జీతం. "అమ్మమ్మా, వచ్చాక?" అని నా వైపు తిరిగాడు.

వచ్చాక ఏమవుతుందో చెప్పడానికి కుర్సురాకన్నా మంచి ఉదాహరణ లేదు. 1980లో దీన్ని సేవ నుంచి తప్పించి, దీని భాగాలు తీసి తోటి జలాంతర్గాములకు అమర్చారు. విడిభాగాలు వేల మైళ్ళ దూరంలోని దేశం నుంచి రావాలి, ఎప్పుడొస్తాయో తెలియదు, మిగిలినవి నడవాలి. ఒకదాని ఒళ్ళు కోసి మూడింటిని బతికించడం స్టోర్సువాళ్ళకు అన్నిటికన్నా బాధ కలిగించే పద్ధతి. తీసిన ప్రతి భాగానికి లెక్క ఉండాలి, తిరిగి పెట్టే రోజు వస్తుందన్న ఆశ మాత్రం ఎవరికీ ఉండదు. కానీ కుర్సురా విషయంలో ఆ రోజు వచ్చింది. పెద్ద మరమ్మతు చేసి 1985లో మళ్ళీ నీళ్ళలోకి దించారు, ఆ తర్వాత ఇంకో పదిహేనేళ్ళకు పైగా పనిచేసింది. ఈ ఓడ జీవితంలో ఇంతకన్నా గొప్ప కథ నాకు తెలియదు. 900 రూపాయలు తీసుకున్న గైడు నోట ఇది రాలేదు. ఇరవై రెండు టార్పెడోల సంగతి మాత్రం రెండుసార్లు వచ్చింది.

రోడ్డుకు అవతలి వైపు, సముద్రం మీద గస్తీ తిరిగిన టీయూ-142 విమానం. గైడు దాని రెక్కల గురించి, వేగం గురించి చెప్పాడు. 2017లో అరక్కోణంలో విరమణ పొంది, డేగలో దిగి, విప్పి, రోడ్డు మీద తెచ్చి, మళ్ళీ బిగించి నిలబెట్టినది ఇది. 29 ఏళ్ళలో ఈ రకం విమానాలన్నీ కలిపి 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరాయి. ఎగిరిన పైలట్లకు నమస్కారం. నట్లు బిగించిన మెకానిక్కులకు ఇంకో నమస్కారం.

చివరగా 1971 యుద్ధ స్మారకం, విక్టరీ ఎట్ సీ. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ చెప్పడంలో మా గైడు గొంతు ఒక్కసారిగా మారిపోయింది. చీకటి, సముద్రం, పేలుడు. పిల్లలు నోళ్ళు తెరిచి విన్నారు. బాగానే చెప్పాడు. డిసెంబరు 3, 4 మధ్య రాత్రి విశాఖ దగ్గర ఆ జలాంతర్గామి మునిగింది. ఎలా మునిగిందన్నదాని మీద రెండు దేశాల మాట వేరు, అది కూడా చెప్పి ఉంటే నిజాయితీగా ఉండేది. నేను ఎదురుచూసిన ముక్క మాత్రం రాలేదు. అప్పటి తూర్పు కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. విమానవాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించాలి. రాజ్‌పుత్ అనే పాత ఓడ చేత విక్రాంత్ పంపినట్టుగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. దాంతోపాటు ఊళ్ళో కాంట్రాక్టర్లకు పెద్ద మొత్తంలో మాంసం, కూరగాయలు ఆర్డరు ఇచ్చారు.

మా ఆఫీసులో ఎవరైనా ఈ కథ చెప్పినప్పుడు సివిలియన్లందరి ముఖాలూ వెలిగేవి. ఇండెంటు, అంటే కావలసిన సరుకుల పట్టీ, చదవడం వచ్చినవాడికి మనుషుల లెక్క చెప్పనక్కర్లేదు. ఇన్ని కిలోల ఉల్లిపాయలంటే ఇంతమంది, ఇంత మాంసమంటే వెయ్యిమందికి పైగా ఉన్న ఓడ వచ్చిందని. బజారులో బుట్టలు లెక్కపెట్టే గూఢచారి ఒకడు ఉంటాడని కృష్ణన్‌గారికి తెలుసు. తిండి సరఫరానే ఎరగా వేసిన ఆ ఆలోచన స్మారకం ముందు నిలబడి చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతారు? నేను గైడును పక్కకు పిలిచి, "బాబూ, ఈ కూరగాయల సంగతి రేపటి నుంచి చెప్పు, నీ పేలుడు కథకన్నా ఎక్కువ చప్పట్లు వస్తాయి" అన్నాను. ఫోనులో రాసుకున్నాడు. అందుకే అతని మీద నాకు కోపం లేదు. అతనికి కాగితం రాసిచ్చినవాళ్ళ మీదే ఉంది.

ఐదుకు మూడు. ఆ మూడూ దారికి, డ్రైవరుకు, కుర్సురా లోపలి పెద్దాయనకు. సింధియా దారిలో పాటలు ఆపి ఒక పావుగంట మాట్లాడితే నాలుగో మార్కు నేనే వచ్చి ఇచ్చి వెళ్తాను. మల్కాపురంలో ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా డాక్‌యార్డులో రిటైరైనవాళ్ళు దొరుకుతారు, డబ్బు కూడా అడగరు, అడక్కుండానే చెబుతారు. ఐదో మార్కు భోజనానిది, అది ఆశించడం లేదు.

వెళ్ళేవాళ్ళకు: సోమవారం కుర్సురాకు సెలవు, ఆ రోజు టూరు బుక్ చేస్తామంటే ఏం చూపిస్తారో ముందే అడగండి. కుర్సురాలో గది నుంచి గదికి వెళ్ళే గుండ్రటి ద్వారాలు వంగి, కాలు ఎత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, మూసుకున్న చోట ఊపిరాడనివాళ్ళు బయటే ఉండడం మేలు. యారాడ కొండ మలుపుల్లో కడుపు తిప్పే పిల్లలుంటే ముందు సీట్లు అడిగి తీసుకోండి, ఇస్తారు.