ఎగిరే చేప బొమ్మ ఎర: రెక్కలు కత్తిరించాకే పనికొచ్చింది

తిరుపతిలో కూర్చుని సముద్రపు గాలాల గురించి రాయడమేందని అనుకునేవాళ్ల కోసం ముందే చెప్తున్నా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు వాకాడు లాంటి తీర మండలాలు మన జిల్లాలోకి వచ్చాయి. వాటితో పాటు సముద్రం కూడా వచ్చింది. తూపిలిపాళెం నుంచి ఫైబర్ పడవలో పోయి గాలం వేసే అలవాటు నాకు అంతకు ముందు నుంచే ఉంది. రాకెట్ ఎగరేసే రోజుల్లో శ్రీహరికోట పక్కకు పడవలను పోనివ్వరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఇవి పోను మిగిలిన రోజుల్లో, సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడల్లా, ఈ ఎగిరే చేప బొమ్మను పడవ వెనక లాగుతూ కొన్నేళ్లు గడిపాను. కొత్తలో రాసే సమీక్షలన్నీ దాని అందం గురించే ఉంటాయి కాబట్టి, పాతబడ్డాక ఒకటి రాద్దామనిపించింది.

వస్తువు సంగతి. రబ్బరులా మెత్తగా ఉండే ప్లాస్టిక్ బొమ్మ, జానెడు పొడవు. వీపు ముదురు నీలం, పక్కలు వెండి రంగు, పొట్ట తెలుపు. రెండు పక్కలా పలచటి రెక్కలు విప్పుకుని ఉంటాయి. ముక్కు నుంచి పొట్ట కిందికి ఒక సన్నటి దారి ఉంది, తీగ అందులోంచి దూర్చి గాలం కట్టుకోవాలి. ధర వెయ్యి దాటింది. కవరు మీద బొమ్మ చూస్తే నీళ్లలోంచి ఎగిరి ఆకాశంలోకే పోయేట్టు ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం ముచ్చటేస్తుంది, ఆ కంటికి, పొలుసులకు వంక పెట్టలేం.

నీళ్లలో వేస్తే వేరే కథ. పడవ మెల్లగా పోతుంటే రెక్కలు వెనక్కి ముడుచుకుపోయి, తడిసిన గుడ్డ పేలికలా వెంట వస్తుంది. వేగం 6 నాట్లకు, అంటే గంటకు 11 కిలోమీటర్ల దగ్గరికి పెంచితే రెక్కల కింద నీళ్లు పట్టి పైకి లేస్తుంది. ఇంకొంచెం పెంచితే ఒక పక్కకు దొర్లి, వెల్లకిలా పడి, గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. అట్లా నాలుగు నిమిషాలు తిరిగిందంటే దారమంతా మెలికలే. స్వివెల్ (దారం మధ్యలో కట్టే, తిరిగే లోహపు కీలు) వేసినా తిరుగుడు తగ్గదు, మెలికలు మాత్రం తగ్గుతాయి. కారణం రెక్కల్లోనే ఉంది. అచ్చులో పోసిన రెక్కలు రెండూ ఒకే మందంలో రావు. వెలుగుకు అడ్డం పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. మందంగా ఉన్న రెక్క నీటిని ఎక్కువ తోస్తుంది, బొమ్మ అవతలి పక్కకు వాలిపోతుంది.

అసలు చేప ఎట్లా ఎగురుతుందో తెలిస్తే ఈ బొమ్మలో ఏం పనికొస్తుందో, ఏం అలంకారమో తేలిపోతుంది. ఎగిరే చేప పక్షిలా రెక్కలాడించదు. నీళ్లలో వేగం అందుకుని పైకి వచ్చి, ఒళ్లంతా గాలిలో ఉన్నా తోక కింది కొస మాత్రం నీళ్లలోనే ఉంచి, సెకనుకు 50 నుంచి 70 సార్ల దాకా కొడుతుంది. దాని తోకలో కింది పాయ పై పాయకంటే పొడుగ్గా ఉండేది అందుకే. ఆ తర్వాత రెక్కలు చాచి జారిపోతుంది. మామూలుగా 50 మీటర్లు, అలల మీది గాలి కలిసొస్తే ఇంకా ఎక్కువ. 2008లో జపాన్‌లో ఒక టీవీ బృందం 45 సెకన్లు గాలిలో ఉన్న చేపను వీడియో తీసింది. ఈ బొమ్మ తోకలో మాత్రం రెండు పాయలూ సమానం. చేసినవాడు ఫొటో చూసి చేసినట్టున్నాడు.

వెంటాడే చేప ఏం చేస్తుందన్నది ఇంకా ముఖ్యం. మహిమహి లాంటి పెద్ద వేట చేపలు ఎగిరే చేప నీడ వెంబడే నీటి కింద ఉరికి, అది దిగే చోటికి చేరుకుంటాయి. మా పడవ అన్న దీన్ని ఏ పుస్తకం చదవకుండానే ఒక్క మాటలో తేల్చేశాడు: "ఎగిరేదాన్ని ఏ చేపా తినదు సామీ, పడేదాన్నే తింటాది." తర్వాత ఎరకు పడిన కాట్లన్నీ గమనిస్తే అదే నిజమని తేలింది. బొమ్మ అల మీద తేలుతూ సాఫీగా పోయేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఒక అల దాటి గాలిలోకి లేచి, తప్‌మని రెండో అల మీద పడిన ఆ క్షణంలోనే రాడ్ వంగుతుంది.

ఆ ప్రకారం చూస్తే పెద్ద రెక్కలు ఉపయోగం కాదు, అడ్డం. బొమ్మను పైనే పట్టుకుని ఉంటాయి, దిగనివ్వవు. బ్లేడుతో రెండు రెక్కలనూ సగానికి కోశాను. మందం రెక్కను ఇంకొక పిసరు ఎక్కువ కోసి సరిచేశాను. పొట్ట కింద, గాలం మెడ దగ్గర, బఠాణీ గింజంత సీసం ఒకటి గుచ్చాను. ఇప్పుడది దొర్లదు. లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. తోక పై పాయను కూడా కత్తిరించాను. దాంతో కింది పాయ నీటి మీద సన్నటి గీత గీస్తూ పోతుంది. చేపకు ఆ గీత నచ్చుతుందో లేదో నేను ప్రమాణం చేయలేను గానీ, పడవ మీద నుంచి చూడ్డానికి అచ్చం ఎగరబోయే చేపే. పరీక్షకు ప్రతిసారీ సముద్రానికే పోనక్కర్లేదు. చెరువు కట్ట మీద ఒకరు దారం పట్టుకుని పరిగెత్తితే ఏ పక్కకు వాలుతుందో తెలిసిపోతుంది. స్వర్ణముఖిలో నీళ్లుండే రోజుల్లో అక్కడా చూడొచ్చు, ఉంటే.

ఎక్కడ లాగాలన్న దాని మీదే సగం ఫలితం ఉంది. ఒడ్డు దగ్గరి పచ్చటి నీళ్లలో దీన్ని నమ్ముకోకండి. అక్కడ వంజరం తినేది కవళ్లు, నెత్తళ్లు. వాటి మధ్య జానెడు రెక్కల చేప దానికి పరాయిది. అదే చోట చవకైన వెండి రంగు స్పూన్ (చెంచా ఆకారపు లోహపు ఎర) లాగితే ఇంతకంటే బాగా కొడుతుంది, నేను రెండూ పక్కపక్కన లాగి చూశాను. నీళ్లు నీలం తిరిగేదాకా పోతేనే ఈ బొమ్మకు విలువ. పడవ చప్పుడుకు ముందు నుంచి నిజం ఎగిరే చేపలు చెదిరి లేస్తుంటే ఇంక సందేహం అక్కర్లేదు, అక్కడే దింపండి. అక్కడ దీనికి సూరలు (ట్యూనాలు) పడ్డాయి, మహిమహి పడింది, పెద్ద వంజరాలు కూడా పడ్డాయి. ఒకసారి ఈటెలాంటి ముట్టె ఉండే కొమ్ముకోనాం వెనకే వచ్చి ముట్టెతో కొట్టి పోయింది, నోట పెట్టలేదు. అంత దూరం పోవడానికి డీజిల్ ఖర్చు బొమ్మ ధరను మించిపోతుందని కూడా లెక్కలో పెట్టుకోండి.

వంజరం పళ్ల గురించి కవరు మీద ఒక్క మాట రాయలేదు. అది ఎరను మింగదు, వెనక నుంచి వచ్చి కత్తెరలా కోసేస్తుంది. ముందు భాగంలో ఒక్క గాలమే ఉంటే తోక పోయిన బొమ్మ చేతికొస్తుంది, చేప రాదు. అందుకని బెత్తెడు స్టీలు తీగతో తోక దగ్గర రెండో గాలం వేలాడదీశాను. ముందు కట్టే తీగ ఎంత సన్నగా ఉంటే అంత మంచిది, లావు తీగ బరువుకు బొమ్మ ముక్కు కిందికి పోయి ఎగరడం మానేస్తుంది. సూరల గుంపు కనిపిస్తే తీగ మొత్తం తీసేసి నీళ్లలో అంతగా కనిపించని ఫ్లోరోకార్బన్ దారమే కట్టాలి. వాటి చూపు చురుకు, తీగ ఉంటే దగ్గరికొచ్చి తిరిగిపోతాయి. బొమ్మతో పాటు వచ్చిన గాలాలు ఉప్పునీళ్లకు త్వరగానే తుప్పెక్కాయి. మంచివి విడిగా కొనుక్కోవాల్సిందే.

గాలిపటంతో కూడా వాడాను. ఇది కొత్త ఉపాయమేమీ కాదు. 1910 ప్రాంతంలోనే కాలిఫోర్నియాలోని కాటలీనా దీవి దగ్గర జార్జ్ ఫార్న్స్‌వర్త్ అనే కెప్టెన్ గాలిపటానికి ఎగిరే చేపను వేలాడదీసి పెద్ద సూరలను పట్టేవాడు. గాలిపటం దారానికి ఒక క్లిప్పు, క్లిప్పులో గాలపు దారం, దాని కింద బొమ్మ. గాలి పెరిగినప్పుడు బొమ్మ పైకి లేస్తుంది, తగ్గినప్పుడు నీళ్లలో పడుతుంది, చేప లాగగానే క్లిప్పు విడిపోతుంది. పడవ అన్న చెప్పిన పడే క్షణాన్ని మన చేత్తో తయారు చేసుకోవడమన్నమాట. పనిచేసిన రోజున దీన్ని మించింది లేదు. పైగా దారం నీళ్లకే తగలదు, బొమ్మ కూడా పడవకు పక్కగా, ఇంజిన్ నురగకు దూరంగా పోతుంది. కానీ సంక్రాంతి కాగితం పటాలు తుంపరకే చిరిగిపోతాయి, నైలాన్ గుడ్డ పటమే కావాలి. దానికొక మనిషి, రాడ్‌కొక మనిషి, ఇంజిన్‌కొక మనిషి. చిన్న పడవలో ముగ్గురూ ఒకరి దారాలు ఒకరు తొక్కుకుంటూ ఉంటారు. సముద్రపు గాలి బాగా లేచే మధ్యాహ్నాలకే అది సరి.

బొమ్మ ఎందుకు, నిజం చేపే గుచ్చొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. గుచ్చాను. చెన్నై కాసిమేడు మార్కెట్లో కోలా మీను (ఎగిరే చేపకు తమిళ పేరు) సీజన్లో దొరుకుతుంది. తమిళనాడు తీరంలో మే నుంచి జూలై దాకా దాని వేట జోరుగా ఉంటుంది. గుడ్లు పెట్టడానికి తేలే చెత్త చుట్టూ చేరుతుందని నాగపట్నం పక్క జాలర్లు ఆకుల మోపులు తేలేసి మరీ పడతారు. అక్కడ కొన్నది ఐసులో తెచ్చి, కల్లుప్పులో ఊరబెట్టి, రెక్కలు విప్పి చీపురు ఈనె అడ్డంగా పెట్టి దారంతో కుట్టాలి. వాసనలో, రుచిలో దానికి బొమ్మ సాటి రాదు, నోట పెట్టుకున్న చేప ఉమ్మేయదు. కానీ 6 నాట్ల వేగంలో గంట రెండు గంటలకు పొట్ట పగిలిపోతుంది. ఒక్క రోజుకు ఎన్ని కుట్టుకుంటాం? రోజంతా లాగడానికి బొమ్మ, గుంపు దొరికాక నిజం చేప. నా పద్ధతి ఇప్పుడు ఇదే.

ఇక మన ఊరి ఎండ. 40 డిగ్రీలు దాటే రోజుల్లో బండి డిక్కీలో పెట్టి మరిచిపోతే రెక్కలు అప్పడంలా వంకర తిరుగుతాయి. వేడి నీళ్లలో ముంచి, మెత్తబడ్డాక సరిగ్గా పెట్టి, వెంటనే చన్నీళ్లలో వేస్తే తిరిగి ఆకారానికి వస్తాయి. ఈ రకం మెత్తటి ప్లాస్టిక్‌ను గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టకండి. రెండూ అంటుకుని డబ్బా కరిగి జిగురవుతుంది. ఎర్ర బొమ్మ పక్కన పెడితే తెల్ల పొట్ట కూడా ఎర్రబారుతుంది. దాని కవరులోనే ఉంచి, ఆ కవరును ఎవర్సిల్వర్ డబ్బాలో పెట్టడమే క్షేమం. చిరిగిన చోట ఫెవిక్విక్ అతుకుతుంది గానీ ఆ భాగం గట్టిపడి విరుగుతుంది. వేడి చేసిన కత్తి మొనతో రెండు అంచులనూ కరిగించి కలిపితే మెత్తదనం పోదు, కిటికీ పక్కన కూర్చుని చేయండి, పొగ మంచిది కాదు. ఈ మరమ్మతులన్నీ నేను పెరటాసి నెలకు (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) దాచుకుంటాను. ఆ నెల మా ఇంట్లోకి చేప రాదు, ప్లాస్టిక్ చేపను కూడా అమ్మ గడప బయటే పెట్టమంటుంది.

ఒడ్డు నుంచి విసిరేవాళ్లకు, పులికాట్ వాగుల్లో పార చేపల కోసం పోయేవాళ్లకు ఇది దండగ. నీలం నీళ్లదాకా పోయే పడవ చేతిలో ఉంటే కొనండి, 5కు 3 మార్కులు ఇస్తాను. కత్తిరించి సీసం గుచ్చుకున్నాక అదే 4 అవుతుంది, కానీ ఆ ఒక్క మార్కు చేసినవాడిది కాదు. రెక్కలు విడిగా ఎక్కడా దొరకవు. కొనేటప్పుడు రెండు తీసుకోండి, వంజరం తోక కోసుకుపోయిన బొమ్మను పారేయకుండా దాని రెక్కలు తీసి రెండోదానికి అతికించుకోవచ్చు.